‘రూపాయలు చెరిపించి’ అనవచ్చా?

సభ్యులకు నమస్కారం. కలకత్తా కప్ మీద తెలుగులో చిన్న వ్యాసం రాస్తూ ఒక మాట దగ్గర ఆగిపోయాను. ఇంగ్లండు, స్కాట్లండు రగ్బీ జట్లు ఏటా తలపడేది ఈ కప్పు కోసమే.

1872 క్రిస్మస్ నాడు కలకత్తాలో ఇంగ్లీషువాళ్లు ఒక పక్క, స్కాట్లండు, ఐర్లండు, వేల్సు వాళ్లు ఒక పక్క చేరి రగ్బీ ఆడారు. మరుసటి నెలలోనే క్లబ్బు పెట్టుకున్నారు. కొన్నేళ్లకే ఆడేవాళ్లు పలచబడి పోలో, టెన్నిస్ వైపు మళ్లారు. క్లబ్బు ఎత్తేస్తూ బ్యాంకులో మిగిలిన సొమ్మును వెండి రూపాయలుగా తెచ్చుకుని, ఆ వెండితోనే కప్పు చేయించి 1878లో ఇంగ్లండు రగ్బీ యూనియన్‌కు ఇచ్చారు. 270 రూపాయలని చెబుతారు. పిడులు మూడూ తాచుపాములు, మూత మీద ఏనుగు. పనితనం మన దేశపు కంసాలులదే.

నేను ‘రూపాయలు చెరిపించి కప్పు చేయించారు’ అని రాశాను. చదివిపెట్టిన మిత్రుడు ‘చెరపడం పలక మీద రాతకు, లోహానికి కరిగించడమే’ అని కొట్టేశాడు. మా అమ్మ మాత్రం ‘కాసులపేరు చెరిపించి నీ పెళ్లికి గాజులు చేయించా’ అనేది. ఏది ఉంచమంటారు?

*

అమ్మగారి మాటే ఉంచండి. కరిగించడం కొలిమి దగ్గర జరిగే పని. చెరిపించడం ఇంటి యజమాని తీసుకునే నిర్ణయం: ఉన్న వస్తువు ఇక ఉండదని తెలిసీ, దాని వెండిబంగారాలు ఇంకో వస్తువుగా బతకాలని ఇవ్వడం. ఆ క్లబ్బువాళ్లు చేసింది అచ్చంగా అదే. ‘కరిగించి’ అంటే సమాచారం అందుతుంది, మనసు అందదు.

*

పై మాటకు ఇంకొంచెం బలం చేకూరుస్తాను. పాణిని సూత్రం ‘రూపాదాహతప్రశంసయోర్యప్’. ఆహతం, అంటే ముద్ర కొట్టినది, అనే అర్థంలో రూప శబ్దం మీద ‘య’ చేరి రూప్యం అవుతుంది. అమరకోశం కూడా వెండిబంగారాల ప్రస్తావనలో ‘రూప్యం తద్ద్వయమాహతమ్’ అంటుంది: ముద్ర పడితే ఆ రెండూ రూప్యమే. అదే కోశంలో రూప్యానికి ఉత్త వెండి అనే అర్థమూ ఉంది. రూపాయి పుట్టింది ఈ మాట నుంచే.

ఇప్పుడు మీ వాక్యం చూడండి. నాణెం మీది ముద్ర పోయింది, వెండి మిగిలింది. రూప్యం మొదటి అర్థంలో లేకుండా పోయి, రెండో అర్థంలో నిలిచింది. రూపాన్ని పోగొట్టడానికి తెలుగులో ఉన్న క్రియ చెరపడమే కదా! పలక మీద రాతకూ, కాసులపేరుకూ, రూపాయికీ ఒకే మాట ఎందుకు సరిపోయిందో దీంతో తేలుతుంది. నాకు ఇవాళ పండుగలా ఉంది.

*

తూకం సంగతి కూడా రాయండి అన్నా. వెండి రూపాయి బరువు సరిగ్గా తులం, 180 గ్రెయిన్లు, అంటే సుమారు 11.66 గ్రాములు. మా తాత నాటుమందు చెబుతూ ‘శొంఠి రూపాయెత్తు’ అనేటోడు. మా దిక్కు నడిచిన నిజాం రూపాయి, హాలీ సిక్కా, వేరు, అది కొంచెం తేలిక. 270 బ్రిటిష్ రూపాయలంటే 270 తులాలు. వీశెకు 120 తులాల లెక్కన సరిగ్గా రెండుంబావు వీశెలు. మూడు కిలోల పైమాటే. అంతా కప్పులోకే చేరిందని అనను గానీ, కంసాలి ముందు పోసిన కుప్ప ఎంతో కళ్లకు కడుతుంది.

*

అందరికీ ధన్యవాదాలు. ‘చెరిపించి’ ఉంచుతున్నాను, తూకం కూడా చేరుస్తాను. ఇలా మార్చాను: ‘రెండుంబావు వీశెల రూపాయలు చెరిపించి, పాముల పిడులతో, ఏనుగు మూతతో కప్పు చేయించారు.’ దాని కోసం మొదటి ఆట 1879 మార్చి 10న ఎడిన్‌బరోలో జరిగింది, ఎవరూ గెలవలేదు. ఏ ఏడు ఎవరు గెలిచారో, నాయకుడెవరో కప్పు కింది పీఠం మీద చెక్కుతారు. ఆ చెక్కడానికి మన పనివాళ్ల మాట ‘నగిషీ’ సరిపోతుందా, ఉత్త ‘చెక్కడం’ చాలా? నగిషీ అంటే పూలూ లతలే మెదులుతాయి నాకు. అక్షరాలకూ వాడగా విన్నవాళ్లుంటే చెప్పండి.