గల్ఫ్ విమానాలను విజయవాడ, విశాఖలకు రానివ్వాలా, వద్దా?

గన్నవరం గాలి (చర్చ మొదలుపెట్టినవారు):

గన్నవరానికి, అంటే విజయవాడ ఎయిర్‌పోర్ట్‌కి, అంతర్జాతీయ హోదా 2017లోనే వచ్చింది. తర్వాత రన్‌వేని 3,360 మీటర్లకు పొడిగించారు. పెద్ద విమానం దిగడానికి ఇబ్బంది లేదు. అయినా రేపు పొద్దున దుబాయ్ కంపెనీ ఎమిరేట్స్ ఇక్కడికి విమానం నడుపుతానన్నా కుదరదు. ఏయే ఊళ్లకు రావచ్చో, వారానికి ఎన్ని సీట్లు అమ్ముకోవచ్చో భారత్, దుబాయ్‌ల మధ్య ఒప్పందంలో రాసుకున్నారు. ఎమిరేట్స్ మన దేశంలో 9 నగరాలకు వస్తుంది. రెండు తెలుగు రాష్ట్రాలకూ కలిపి అందులో హైదరాబాద్ ఒక్కటే. సీట్ల లెక్క చూస్తే ఒక్కో వైపు కంపెనీలకు వారానికి 66,504. అది 2014 నాటి అంకె, ఎప్పుడో నిండిపోయింది. ఇంకో 50 వేలు ఇవ్వమని దుబాయ్ అడిగితే మనవాళ్లు ఒప్పుకోలేదు.

ఢిల్లీ, ముంబైలకు పెంచకపోతే మానండి. మన కంపెనీలు పట్టించుకోని ఊళ్లకైనా తెరవండి. గుంటూరు, ఏలూరు, బందరు వాళ్లు అమెరికా వెళ్లాలంటే ముందు హైదరాబాద్‌కి కారు మాట్లాడుకోవాలి. సగం రాత్రి హైవే మీద, ఇంకో మూడు నాలుగు గంటలు శంషాబాద్‌లో, ఆ తర్వాత అసలు ప్రయాణం. టికెట్ రేట్లు పోల్చేటప్పుడు ఆ కారు డబ్బులు, ఆ అలసట ఎవరూ కలపరు. మన ఎయిర్‌లైన్స్‌ని కాపాడుకోవడానికయ్యే ఖర్చు ఈ ఊళ్లవాళ్ల నెత్తిన ఎందుకు పడాలి?

సొంత జెండా:

గాలి గారూ, మీరు విజయవాడ నుంచి దుబాయ్ అంటున్నారు గానీ అడుగుతున్నది దుబాయ్ మీదుగా డాలస్, లండన్, టొరంటో. మన ప్రయాణికులతో వాళ్ల ఎయిర్‌పోర్ట్ నిండుతుంది. పైలట్ ఉద్యోగాలు, రిపేరు షెడ్లు, హోటళ్లు, డ్యూటీ ఫ్రీ షాపులు అన్నీ అక్కడే. మనం మాత్రం సూట్‌కేసులు పట్టుకుని క్యూలో నిలబడే జనాన్ని సప్లై చేస్తాం.

ఒకసారి చేసి చూశాం కూడా. 2013లో జెట్ ఎయిర్‌వేస్‌లో 24 శాతం వాటా అబుదాబి కంపెనీ ఎతిహాద్ కొంది. అదే సమయంలో అబుదాబి సీట్ల కోటా వారానికి 13 వేల చిల్లర నుంచి 50 వేల దాకా పెంచాం. జెట్ క్రమంగా అబుదాబికి జనాన్ని చేరవేసే కంపెనీగా మారింది. 2019 ఏప్రిల్ 17న ఆగిపోయింది. జెట్ లేదు, ఆ కోటా ఉంది. ఇచ్చిన సీట్లు వెనక్కి తీసుకోవడం ఎంత కష్టమో అర్థమవుతోందా?

ఇప్పుడు ఎయిరిండియా 2023లో 470 విమానాలు ఆర్డర్ చేసింది. ఇండిగో పెద్ద విమానాలైన ఎయిర్‌బస్ ఏ350లు తెచ్చుకుంటోంది. సరిగ్గా ఈ టైములో తలుపులు బార్లా తెరిస్తే ఆ విమానాలు ఎవరిని ఎక్కించుకుని ఎగరాలి?

కువైట్ డ్రైవర్:

మీ గొడవంతా అమెరికా గురించేనా అన్నా? మాది రాయచోటి దగ్గర పల్లె. మా ఊళ్లో ఇంటికొకరు కువైట్‌లో ఉన్నారు. రాజంపేట, కడప, అటు గోదావరి జిల్లాల ఆడవాళ్లు, అందరూ ఇదే దారి. మాకు దుబాయ్ హబ్ (విమానాలు మారే పెద్ద ఎయిర్‌పోర్ట్) అక్కర్లేదు, డాలస్ అక్కర్లేదు. దిగేది కువైట్‌లోనే.

కువైట్‌కి వారానికి 12 వేల సీట్లన్న లెక్క ఏళ్ల తరబడి కదల్లేదు. 2025 జులైలో 18 వేలు చేశారు. ఆ మధ్యలో ఎంతమంది కొత్తగా పనికి పోయారో ఆలోచించండి. సీట్లు అవే, జనం పెరిగారు, రేటు ఎవరు పెంచారని ఇంక అడగడమెందుకు? రంజాన్ ముందు, వేసవి సెలవుల్లో టికెట్ చూస్తే గుండె ఆగుతుంది. చావుకి కూడా వెళ్లలేక ఫోన్‌లో చూసినవాళ్లు మా రూమ్‌లోనే ఉన్నారు. ఊరి నుంచి బయల్దేరాలంటే రాత్రి బస్సెక్కి బెంగళూరో చెన్నయో పోవాలి. హబ్‌ల గురించి మాట్లాడేటప్పుడు ఈ బస్సుని కూడా లెక్కలో వేసుకోండి.

బీచ్‌రోడ్:

విశాఖ నుంచి ఒక మాట. మాకు సింగపూర్‌కి నేరుగా విమానం ఉంది. చాలాకాలం సిల్క్‌ఎయిర్ నడిపింది, 2019లో అది స్కూట్ చేతికి వచ్చింది. 2024లో బ్యాంకాక్, కౌలాలంపూర్ కూడా కలిశాయి. విశాఖలో ఉన్నది మిగతా ఊళ్లలో లేనిదీ ఏంటి? ఆసియాన్ (ఆగ్నేయాసియా) దేశాల ఎయిర్‌లైన్స్ 18 పర్యాటక నగరాలకు కోటా లేకుండా రావచ్చని వాజ్‌పేయి హయాంలోనే నిర్ణయించారు. ఆ జాబితాలో విశాఖ ఉంది. అంతే.

ఇన్నేళ్లలో దానివల్ల మన ఎయిర్‌లైన్ ఏదైనా మునిగిందా? లేదు. సింగపూర్ మీదుగా ఆస్ట్రేలియా వెళ్లేవాళ్లకు హైదరాబాద్ దాకా వెళ్లే బాధ తప్పింది. అదే సూత్రం గల్ఫ్‌కి వర్తింపజేస్తే కొంపలు మునుగుతాయని ఎందుకంటున్నారో నాకైతే బోధపడలేదు.

జెట్ కథ గురించి కూడా ఒక మాట. దాన్ని ముంచింది అబుదాబి సీట్లు ఒక్కటే కాదు. 2007లో రూ.1,450 కోట్లు పెట్టి ఎయిర్ సహారాను కొన్న భారం ఉంది, చౌక ఎయిర్‌లైన్స్‌తో పోటీ ఉంది, అప్పులున్నాయి. సగం కథ చెప్పి భయపెట్టకండి.

సొంత జెండా:

బీచ్‌రోడ్ గారూ, ఆసియాన్ వైపు నుంచి వచ్చే రద్దీ, గల్ఫ్ రద్దీ ఒకటి కావు. సింగపూర్ మనకు తూర్పున ఉంది. యూరప్‌కి, అమెరికా తూర్పు తీరానికి వెళ్లేవాళ్లు వెనక్కి తిరిగి అటు పోరు. దుబాయ్, దోహా, అబుదాబి మనకూ పడమటి దేశాలకూ మధ్య దారిలో కూర్చున్నాయి. అసలు డబ్బొచ్చే రూట్లు అవే.

ఇంకోటి. మొత్తం ప్రయాణాన్ని పరాయి దేశపు ఒక్క ఎయిర్‌పోర్ట్‌కి అప్పగిస్తే ఏమవుతుందో చూశాం. 2024 ఏప్రిల్‌లో వానకి దుబాయ్ ఎయిర్‌పోర్ట్ నీళ్లలో మునిగింది. 2025 జూన్ 23న ఖతర్ తన గగనతలాన్ని మూసేసింది. దోహా మీదుగా వెళ్లే మనవాళ్లు చిక్కుకుపోయారు.

గన్నవరం గాలి:

మరి 2025 డిసెంబరులో మన సొంత ఆకాశంలో ఏమైంది? దేశీయ ప్రయాణికుల్లో దాదాపు మూడింట రెండు వంతుల మందిని మోసే ఇండిగో, పైలట్ల విశ్రాంతి రూల్స్‌కి తగ్గట్టు షెడ్యూల్ సర్దుకోలేక వేల విమానాలు రద్దు చేసింది. మిగతా కంపెనీల రేట్లు ఎగబాకితే కేంద్రం టికెట్‌కి గరిష్ఠ ధర పెట్టాల్సి వచ్చింది. పెళ్లికొడుకులు సైతం ఎయిర్‌పోర్టుల్లోనే కూర్చున్నారు. ఒక్క చోట ఆధారపడటం ప్రమాదమంటే, ఆ సూత్రం ఇంట్లో కూడా వర్తించాలి కదా.

శంషాబాద్ షిఫ్ట్:

ఎయిర్‌పోర్టులో గ్రౌండ్ పనిలో ఉంటాను. కంపెనీ పేరు అడక్కండి. మీ ఇద్దరూ సీట్ల కోటా గురించే కొట్టుకుంటున్నారు, నడిపే పద్ధతి ఎవరూ చెప్పట్లేదు.

ఒక విమానంలో విజయవాడ నుంచి డాలస్ వెళ్లేవాళ్లు ఒక పదిమంది ఉంటారనుకోండి. పదిమంది కోసం ఎవరూ డాలస్‌కి విమానం వేయరు. కానీ తెల్లవారుజామున ఇండియాలోని అన్ని ఊళ్ల నుంచి, కరాచీ, ఢాకా, కొలంబోల నుంచి వచ్చిన విమానాలన్నీ గంట రెండు గంటల తేడాలో ఒకే చోట దిగితే, ఊరికి పది మంది చొప్పున డాలస్ విమానం నిండిపోతుంది. రెండు మూడు గంటల్లో అది లేస్తుంది. సాయంత్రం మళ్లీ ఇంకో అల. గల్ఫ్ వాళ్ల బలం ఈ టైమింగే. ఇండియాలో ఇలాంటి అల ఇప్పుడిప్పుడే ఢిల్లీలో కడుతున్నారు. గమనించండి, ఢిల్లీలో. హైదరాబాద్‌లో కాదు.

వెళ్లేటప్పుడు ఢిల్లీ మీదుగా ఫర్వాలేదు. తిరిగి వచ్చేటప్పుడే కష్టం. దేశంలో మొదట దిగిన చోటే ఇమ్మిగ్రేషన్, బ్యాగులు తీసుకుని కస్టమ్స్, మళ్లీ బ్యాగులు అప్పగించి, సెక్యూరిటీ దాటి విజయవాడ విమానం పట్టుకోవాలి. డెబ్బై ఏళ్ల తల్లిదండ్రులు వీల్‌చెయిర్‌లో కూర్చుని, హిందీ రాక, ఇంగ్లిష్ రాక, ఎవరు తోస్తే అటు పోతారు. వీల్‌చెయిర్లలో సగం నడవలేక తీసుకునేవి కావు, దారి తెలియక తీసుకునేవి. పిల్లలు అమెరికా నుంచి బుక్ చేసేటప్పుడు చూసేది మొదట ఇదే. రేటు తర్వాత.

ఇక నేరుగా వెళ్లే విమానం మాట. ఎయిరిండియా 2021 జనవరి 15న హైదరాబాద్–చికాగో మొదలుపెట్టింది. ఎంత సంబరపడ్డామో! కొన్నాళ్లకే ఆపేశారు. అంత దూరం ఎగరగలిగే విమానాలు వాళ్ల దగ్గర చాలా తక్కువ. కొత్తవి ఆలస్యంగా వస్తున్నాయి, పాతవి రిపేరుకు వెళ్తున్నాయి. 2025 ఏప్రిల్ నుంచి పాకిస్తాన్ గగనతలం మూతపడటంతో అమెరికా నుంచి ఢిల్లీ వచ్చే కొన్ని విమానాలు ఇంధనం కోసం వియన్నాలో ఆగాల్సి వచ్చింది. సెప్టెంబరు 1 నుంచి ఢిల్లీ–వాషింగ్టన్ రూటే నిలిపేశారు. ఆర్డర్ 470 అని పేపర్లో చదివి సంతోషపడితే సరిపోదు సార్, స్టాండ్‌లో నిలబడ్డ విమానం ఏదో చెప్పండి.

రిటర్న్ టికెట్:

షిఫ్ట్ గారు చెప్పింది అక్షరాలా నిజం. ఒకటి కలుపుతాను. చాలామంది విజయవాడ–హైదరాబాద్ ఒక టికెట్, హైదరాబాద్ నుంచి అమెరికా ఇంకో టికెట్ విడివిడిగా కొంటారు. మొదటిది లేటైతే రెండో ఎయిర్‌లైన్‌కి సంబంధం ఉండదు. టికెట్ పోయినట్టే. అందుకే మా ఇంట్లో రోడ్డు మీదే వస్తారు. ఎన్‌హెచ్ 65 మీద పొగమంచున్నా, సంక్రాంతి ట్రాఫిక్ ఉన్నా టెన్షన్‌తోనే వస్తారు. విజయవాడ నుంచి చివరి ఊరిదాకా ఒకే టికెట్, ఒకే బాధ్యత ఇచ్చేవాళ్లు ఎవరైనా నాకు చాలు. జెండా రంగు నాకు పట్టదు.

సొంత జెండా గారు యూరప్ హబ్‌లను లెక్కలోకి తీసుకోలేదు. 2024 జనవరిలో లుఫ్తాన్సా హైదరాబాద్–ఫ్రాంక్‌ఫర్ట్ వేసింది. 2025 సెప్టెంబరులో కేఎల్ఎం ఆమ్‌స్టర్‌డామ్ నుంచి వచ్చింది. వాళ్లు చేసేదీ అదే పని, మన జనాన్ని వాళ్ల హబ్‌కి తీసుకెళ్లి అమెరికా పంపడం. వాటికి స్వాగత తోరణాలు కట్టి, దుబాయ్ అనగానే దేశభక్తి గుర్తుకు రావడమేంటి?

లెక్కల మాష్టారు:

ఇద్దరికీ నచ్చని మాట చెబుతాను. రూటు తెరవడం వేరు, నిలబడటం వేరు. చిన్న ఊళ్లకు సబ్సిడీతో విమానాలు నడిపించే ఉడాన్ పథకం చూడండి. 2017 ఏప్రిల్ 27న మొదటి విడతలోనే హైదరాబాద్–కడప విమానాన్ని ప్రధాని జెండా ఊపి పంపారు. నడిపిన ట్రూజెట్ 2022లో మూతపడింది. 2023లో కాగ్ (ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే సంస్థ) నివేదిక ఏం చెప్పిందంటే, ఉడాన్‌లో కేటాయించిన 774 రూట్లలో 403 అసలు మొదలే కాలేదు. మొదలైన 371లో మూడేళ్లు పూర్తిచేసినవి 112. ఆ తర్వాత కూడా నడిచినవి 54. సబ్సిడీ ఇచ్చినా పరిస్థితి ఇదీ.

విజయవాడ–సింగపూర్ కూడా అంతే. 2018 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం లోటు భర్తీ చేస్తానంటే ఇండిగో నడిపింది. ఆ డబ్బు ఆగిపోగానే 2019లో విమానమూ ఆగింది. జనం లేరని కాదు. కంపెనీకి అదే విమానంతో ఇంకో రూటులో ఎక్కువ వస్తే అటు తిప్పుతుంది. దుబాయ్ కంపెనీ అయినా అంతే చేస్తుంది. ఊరి పేరు ఒప్పందంలో చేర్చగానే రోజూ విమానం వాలిపోతుందని గాలి గారు అనుకుంటున్నారు.

నా ఉద్దేశంలో మెట్రో నగరాలకు కోటా పెంచకుండా, చిన్న నగరాలకు మాత్రమే కొంత ఇవ్వాలి. అదీ షరతుతో. వారానికి ఇన్ని రోజులు, ఇన్నేళ్లు నడపాలి, ఆపితే ఆ సీట్లు రద్దు. వేరే ఊరికి మార్చుకునే వీలుండకూడదు. ఈ చివరి షరతు లేకపోతే విజయవాడ పేరు చెప్పి తీసుకున్న సీట్లు ముంబైలో తేలతాయి.

సొంత జెండా:

మాష్టారూ, షరతులు కాగితం మీద బాగుంటాయి. చిన్న నగరాల నుంచి ఢిల్లీకి వచ్చే ఆ పదేసి మందే మన హబ్‌కి ప్రాణం. షిఫ్ట్ గారు చెప్పిన లెక్కే. వాళ్లని కూడా దుబాయ్ తీసుకుపోతే ఢిల్లీ అల ఎప్పటికీ లేవదు. ఐదారేళ్లు ఆగమంటున్నాను, శాశ్వతంగా కాదు.

బీచ్‌రోడ్:

ఐదారేళ్లు ఆగమని 2014 నుంచి అంటున్నారు.

సొంత జెండా:

అప్పుడు ఎయిరిండియా అప్పుల్లో ఉన్న ప్రభుత్వ కంపెనీ. టాటాల చేతికి వచ్చింది 2022 జనవరిలో. లెక్క అక్కడి నుంచి మొదలుపెట్టండి.

గన్నవరం గాలి:

సరే, అక్కడి నుంచే మొదలుపెడదాం. ఆ ఐదారేళ్లూ మా ఊరి నుంచి ఢిల్లీ మీదుగా అమెరికాకు ఒకే టికెట్, తిరుగు ప్రయాణంలో బ్యాగులు నేరుగా గన్నవరంలో చేతికివ్వడం, గన్నవరంలోనే కస్టమ్స్. ఇవి ఇవ్వమనండి. అక్కడ ఇమ్మిగ్రేషన్, కస్టమ్స్ సిబ్బంది ఎలాగూ ఉన్నారు, షార్జా విమానం వస్తూనే ఉంది. రక్షణ కావాలంటున్న కంపెనీలు ప్రయాణికుడికి ఈ మాత్రం రాసివ్వలేవా? ఇవ్వలేమంటే మాష్టారి షరతులతో గల్ఫ్‌కి తెరవండి. నాకు రెండూ సమ్మతమే. ఏదీ లేకుండా ఓపిక పట్టమనడమే నాకు నచ్చనిది.

శంషాబాద్ షిఫ్ట్:

బ్యాగు చివరి ఊళ్లో కస్టమ్స్ చేయడం టెక్నికల్‌గా పెద్ద విషయం కాదు. రూలు మారాలి. ఎయిర్‌లైన్స్ వాళ్లకంటే కస్టమ్స్ వాళ్లని ఒప్పించడమే కష్టం.

కువైట్ డ్రైవర్:

అందరూ బాగా రాశారు. నా ప్రశ్న అలాగే ఉంది. కువైట్‌కి కొత్తగా పెరిగిన 6 వేల సీట్లలో విజయవాడకి, తిరుపతికి ఎన్ని వచ్చాయి? ఈసారి సెలవుకి బెంగళూరులో దిగాలా, ఇంకెక్కడైనానా?

లెక్కల మాష్టారు:

అబ్బాయ్, విమానాల షెడ్యూళ్లు ఏడాదికి రెండుసార్లు మారతాయి. మార్చి చివరి ఆదివారం, అక్టోబరు చివరి ఆదివారం. కొత్త రూట్లు సాధారణంగా వాటికి కొన్ని వారాల ముందు బుకింగ్‌కి వస్తాయి. నీ సెలవు ఎప్పుడో చెప్పు, తిరుపతి, విజయవాడ రెండూ చూసి ఇక్కడే పెడతాను. ఈలోగా బెంగళూరు టికెట్ కొనాల్సొస్తే క్యాన్సిల్ చేసుకునే వీలున్నది చూసుకో.