మావాడి బేస్‌బాల్ అయిపోయింది, మీ ఇళ్లలో ఎలా గడిచిందో చెప్పండి

స్కోర్‌బుక్ నాన్న:
అందరికీ నమస్కారం. మావాడు ఈ వసంతంలో హైస్కూల్ సీనియర్‌గా (అంటే ఆఖరి ఏడాదిలో) ఆఖరి గేమ్ ఆడేశాడు. కాలేజీలో ఆడనని ముందే తేల్చేశాడు. వాడు హాయిగానే ఉన్నాడు, శనివారం వస్తే నాకే ఏమీ తోచడం లేదు. అమెరికాలో మన తెలుగు పిల్లలు బేస్‌బాల్‌లో తక్కువే కనిపిస్తారు. అందుకే ఆ దారిలో నడిచినవాళ్లతో మాట్లాడాలనిపించింది.

నేను క్రికెట్ చూసి పెరిగినవాణ్ణి. ఈ ఆటలో ఓనమాలు కూడా తెలియవు. లెక్కలైనా సైన్సయినా నేను చెబితే వాడు వినేవాడు. ఇక్కడ మాత్రం వాడు చెబితే నేను విన్నాను. ఇన్‌ఫీల్డ్ ఫ్లై రూల్ అర్థం కాక తల పట్టుకుంటే, డైనింగ్ టేబుల్ మీద గ్లాసులు బేసులుగా (రన్నర్ ఒక్కొక్కటిగా చేరాల్సిన మజిలీలు) పెట్టి చెప్పాడు. మొదటి, రెండో బేసుల్లో రన్నర్లుండి, ఇంకా ఇద్దరు అవుట్ కాకముందు, ఇన్‌ఫీల్డర్‌కి (బేసుల దగ్గరుండే ఫీల్డర్‌కి) తేలిగ్గా అందే క్యాచ్ పైకి లేస్తే, పట్టినా పట్టకపోయినా బ్యాటర్ అవుట్. "పట్టకుండా అవుటేంట్రా?" అన్నాను. "రన్నర్లు క్యాచ్ పడతారని బేస్ దగ్గరే ఆగిపోతారు కదా నాన్నా. అప్పుడు కావాలని బంతి వదిలేస్తే వాళ్లు తర్వాతి బేస్‌కి పరిగెత్తక తప్పదు, అలా ఇద్దర్ని అవుట్ చేసేయొచ్చు. అది అన్యాయం కదా" అన్నాడు. అప్పుడు వాడికి తొమ్మిదేళ్లు. వాడు అంత స్పష్టంగా ఆలోచించగలడని ఏ రిపోర్ట్ కార్డూ నాకు చెప్పలేదు.

తర్వాత టీమ్ స్కోర్‌బుక్ రాసే పని నేనే అడిగి తీసుకున్నాను. బంతి విసిరే పిచర్ 1, బ్యాటర్ వెనక నిలబడి పట్టే క్యాచర్ 2, అలా రైట్ ఫీల్డర్ 9 వరకూ అంకెలు. 6-4-3 అని రాశామంటే షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేసుల మధ్య ఫీల్డర్) బంతి పట్టి రెండో బేస్‌కి, అక్కణ్ణుంచి ఫస్ట్ బేస్‌కి వెళ్లిందని, ఇద్దరు అవుటయ్యారని అర్థం. బ్యాట్ ఊపి స్ట్రైకౌట్ (మూడు స్ట్రైకులు పడి అవుట్) అయితే ఇంగ్లీషు 'కె' అక్షరం. ఊపకుండా చూస్తూ నిలబడి అవుటైతే అదే అక్షరాన్ని తిరగేసి రాయాలి. మావాడి గడిలో తిరగేసిన 'కె' రాయాల్సి వస్తే పెన్సిల్ ముందుకు కదిలేది కాదు. గేమ్ అయ్యాక వాడే వచ్చి పుస్తకం తెరిచి చూసేవాడు. "బయటికి పోతుందనుకున్నా" అని మూసేసేవాడు, అంతే. నేను సలహా ఇవ్వలేదు. నాకు తెలిసిన ఆట కాదు కదా. మా ఇద్దరి మధ్య అన్నేళ్లూ గొడవ లేకుండా గడిచింది అందువల్లేనని నా నమ్మకం.

మీ పిల్లలు ఎందాకా ఆడారు? ఎందుకు ఆపారు?

ఇద్దరు పిల్లల తల్లి:
చదువుతుంటే కళ్లు చెమర్చాయండి. మా పెద్దాడు పదేళ్లప్పుడు ట్రావెల్ టీమ్‌లోకి (వేరే ఊళ్లకి వెళ్లి టోర్నమెంట్లు ఆడే టీమ్) వెళ్లాడు, పదమూడుకి మానేశాడు. ఊరి లిటిల్ లీగ్‌లో (ఊళ్లో పిల్లలందరికీ ఉండే బేస్‌బాల్ లీగ్) రెగ్యులర్ సీజన్‌లో ప్రతి పిల్లాడూ కనీసం ఒకసారి బ్యాటింగ్ చెయ్యాలి, ఆరు అవుట్లపాటు ఫీల్డింగ్‌లో ఉండాలి. మేం చేరిన ట్రావెల్ టీమ్‌లో అలాంటి నియమమేమీ లేదు. నాలుగు గంటలు కారులో వెళ్లి బెంచీ మీద కూర్చుని వచ్చిన టోర్నమెంట్లు ఉన్నాయి. చిన్నది పాపం హోంవర్కంతా వెనక సీట్లోనే చేసుకునేది. పన్నెండేళ్ల లోపు ఊరి లీగ్ చాలని నేను గట్టిగా అంటాను.

ఇంకో మాట, బ్యాట్ కొనేముందు దాని మీది ముద్ర చూసుకోండి. లిటిల్ లీగ్‌లో 2018 నుంచి యూఎస్ఏ ముద్ర ఉండాలి. ట్రావెల్ టోర్నమెంట్లలో ఎక్కువగా యూఎస్‌ఎస్‌ఎస్‌ఏ ముద్రవి ఆడతారు. హైస్కూల్‌కి వెళ్తే బీబీకార్. ఒకచోట పనికొచ్చేది ఇంకోచోట పనికిరాదు.

డగౌట్ బాబాయ్:
వాలంటీర్ కోచ్‌గా చాలా సీజన్లు చేశాను. చేతి గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తాను.

లిటిల్ లీగ్‌లో రోజుకి వేసే పిచ్‌లకు (పిచర్ బ్యాటర్‌కి విసిరే బంతులకు) హద్దు ఉంది. 9-10 ఏళ్లవాళ్లకి 75, 11-12 ఏళ్లవాళ్లకి 85. పద్నాలుగు, అంతకు లోపు పిల్లలు ఒక రోజులో 66 గానీ అంతకంటే ఎక్కువ గానీ వేస్తే నాలుగు రోజులు పిచింగ్ ఉండదు. 41 వేసినవాడు ఆ రోజు ఇక క్యాచర్‌గా నిలబడకూడదు, ఎందుకంటే క్యాచర్ కూడా ప్రతి బంతినీ వెనక్కి విసరాలి. లెక్క బాగానే ఉంది. కానీ మంగళవారం ఊరి టీమ్‌కీ శనివారం ట్రావెల్ టీమ్‌కీ వేసే పిల్లాడి లెక్క ఎవరు కలుపుతారు? ఏ కోచ్ పుస్తకం ఆ కోచ్‌ది. రెండూ కలిపి చూడగలిగేది ఇంట్లోవాళ్లే.

మా టీమ్‌లో ఒక కుర్రాడు కుడిచేతి వాటం, గట్టి పిచర్. ఒకరోజు వాటర్ బాటిల్ మూత ఎడం చేత్తో తిప్పుతున్నాడు. "మోచెయ్యి నొప్పా?" అంటే తల అడ్డంగా ఊపాడు. టీమ్ నుంచి తీసేస్తారని భయం. డాక్టర్ చూసి మోచేతి లోపలివైపు ఎముక ఎదిగేచోట వాచిందన్నారు. కొన్ని నెలలు బంతి విసరడం బంద్. మళ్లీ ఫస్ట్ బేస్‌లో ఆడాడు, నవ్వుతూ ఆడాడు.

మోచేతిలో తెగిన లిగమెంట్‌ని సరిచేసే టామీ జాన్ సర్జరీ 1974లో డాక్టర్ ఫ్రాంక్ జోబ్ అదే పేరున్న ఒక పెద్ద లీగ్ పిచర్‌కి మొదటిసారి చేసింది. ఇప్పుడు హైస్కూల్ పిల్లలకి కూడా చేస్తున్నారు. కొందరు తల్లిదండ్రులు ఆపరేషన్ తర్వాత చెయ్యి ఇంకా గట్టిపడుతుందనుకుంటున్నారు. అది అపోహ, దయచేసి నమ్మకండి. ఏడాదిలో కొన్ని నెలలు విసరడం పూర్తిగా మానిపించండి.

చెల్లి ఫ్యాన్:
మాది ఆడపిల్ల. "సాఫ్ట్‌బాల్‌లో చేర్పించండి" అని ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు అనేవారు (పెద్ద బంతితో, చిన్న మైదానంలో ఆడే బేస్‌బాల్ లాంటి ఆట అది). లిటిల్ లీగ్‌లోకి ఆడపిల్లల్ని రానిచ్చింది 1974లోనే. 2014 లిటిల్ లీగ్ వరల్డ్ సిరీస్‌లో మోనే డేవిస్ అనే అమ్మాయి పిచర్‌గా ప్రత్యర్థికి ఒక్క రన్ ఇవ్వకుండా గెలిపించడం మా అమ్మాయి వీడియోలో ఎన్నిసార్లు చూసిందో. పన్నెండు వరకు అబ్బాయిలతోనే సెకండ్ బేస్ ఆడింది. ఆ తర్వాత బేసుల మధ్య దూరం 60 అడుగుల నుంచి 90కి, పిచర్ దూరం 46 నుంచి 60 అడుగుల 6 అంగుళాలకి పెరుగుతుంది. అక్కడ చాలామంది అబ్బాయిలే ఆగిపోతారు. మా అమ్మాయి తనంతట తనే సాఫ్ట్‌బాల్‌కి మారింది. తను నిర్ణయించుకుంది కాబట్టి నాకు ఏ దిగులూ లేదు.

కొత్తగా చేరిన అమ్మ:
మా బాబుకి ఏడేళ్లు. బంతి వస్తే ముఖం తిప్పేస్తాడు, అవుట్‌ఫీల్డ్‌లో గడ్డి పీకుతూ కూర్చుంటాడు. పక్కవాళ్ల పిల్లలు చకచకా ఆడుతుంటే నాకు టెన్షన్. మాన్పించేయమంటారా?

డగౌట్ బాబాయ్:
వద్దమ్మా. ఆ వయసులో సగం మంది గడ్డి పీకుతారు. స్పాంజ్ బంతితో దగ్గర్నుంచి క్యాచ్‌లు పట్టించండి. ముఖం తిప్పడం తగ్గాక కొంచెం గట్టి బంతి. ఒక్కసారి తగిలితే ఆ భయం చాలాకాలం పోదు, తొందరపడొద్దు.

స్కోర్‌బుక్ నాన్న:
మావాడూ అంతేనండి, మొదట్లో బంతి కంటే మిడతల వెంట ఎక్కువ పరిగెత్తాడు. వచ్చే సీజన్‌కి కూడా వెళ్తావా అని వాణ్ణే అడగండి. ఊ అంటే చేర్పించండి. ఇంటికొచ్చేటప్పుడు కారులో ఆట గురించి వాడు మొదలుపెడితేనే మాట్లాడండి.

కొత్తగా చేరిన అమ్మ:
అడిగానండి. "క్యాచర్ మాస్క్ ఇస్తారా?" అన్నాడు. స్పాంజ్ బంతులు తెస్తున్నాను.