ముడి చమురును ఆవిరి చేసి మండించే వంట బర్నర్ సాధ్యమేనా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. మాది కాకినాడ. ప్రస్తుతం నైజీరియాలోని పోర్ట్ హార్కోర్ట్‌లో ఒక ఫ్యాబ్రికేషన్ షెడ్డులో డిజైన్ పని చూస్తున్నాను. కార్మికుల క్యాంటీన్లకు, పెళ్లి వంటలకు వాడే పెద్ద పొయ్యిలు మా దగ్గర తయారవుతాయి. ఇక్కడ వంటగ్యాసు, కిరసనాయిలు రెండూ వంటవాళ్లకు భారంగా మారడంతో, శుద్ధి చేయని ముడి చమురునే ఆవిరి చేసి మండించే బర్నర్ తయారు చేయగలమా అని మా యజమాని అడిగారు. చుట్టూ చమురు బావులున్న ప్రాంతం కాబట్టి ఆ ఆలోచన రావడం సహజమే.

మన ఇళ్లలో ఉండే పంపు స్టవ్వును నమూనాగా తీసుకుని ఒక డ్రాయింగ్ వేశాను. గాలి కొట్టడానికి పంపు బిగించిన పది లీటర్ల ట్యాంకు, మంట మీదుగా మూడు చుట్లు తిరిగే 12 మిల్లీమీటర్ల ఉక్కు గొట్టం (కాయిల్), దాని చివర అర మిల్లీమీటరు రంధ్రం ఉన్న నిపిల్, కింద ముందుగా వేడి చేయడానికి స్పిరిట్ కప్పు ఉంటాయి. వంద లీటర్ల నీళ్లను నలభై నిమిషాల్లో మరిగించాలన్నది లక్ష్యం. ఇక్కడ దొరికేది బానీ లైట్ రకం చమురు. కాయిల్‌ను ఎంత ఉష్ణోగ్రత వరకు వేడెక్కించాలి, గొట్టం ఎంత పొడవు ఉండాలి, నిపిల్ మాటిమాటికీ పూడిపోకుండా ఏం చేయాలి అన్న విషయాల్లో అనుభవజ్ఞుల సలహా కావాలి. స్టెయిన్‌లెస్ గొట్టం వాడితే మేలా అన్నది కూడా చెప్పగలరు.

మొదటి సమాధానం: విశాఖపట్నం నుంచి, రిఫైనరీ ప్రాసెస్ విభాగంలో చేసి రిటైరైనవారు

కాయిల్ ఎంత వేడెక్కాలి అన్న ప్రశ్నలోనే అసలు చిక్కు ఉంది కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను. కిరసనాయిలు సుమారు 150 డిగ్రీల దగ్గర మరగడం మొదలై 300 డిగ్రీల లోపు పూర్తిగా ఆవిరైపోతుంది. 1892లో స్టాక్‌హోమ్‌లో ఫ్రాన్స్ విల్‌హెల్మ్ లిండ్‌క్విస్ట్ తయారు చేసిన ప్రైమస్ స్టవ్వు గానీ, అదే పద్ధతిలో వచ్చిన మన పంపు స్టవ్వులు గానీ పనిచేసేది ఈ ఒక్క గుణం మీదే. గొట్టంలోకి వెళ్లిన నూనె అంతా ఆవిరై నిపిల్ గుండా బయటికి వచ్చేస్తుంది, లోపల దాదాపు ఏమీ మిగలదు. ముడి చమురుకు ఆ గుణం లేదు. 36 డిగ్రీలకే మరిగే పెంటేన్ నుంచి 550 డిగ్రీలకు కూడా మరగని తారు వరకు అన్నీ అందులో కలిసే ఉంటాయి. బానీ లైట్ తేలిక రకమే, గంధకం కూడా 0.2 శాతం లోపే. అయినా 350 డిగ్రీలు దాటాక కూడా ద్రవంగానే మిగిలే భాగం దానిలో సుమారు మూడో వంతు ఉంటుంది.

ఆ మూడో వంతును కూడా ఆవిరి చేద్దామని వేడి పెంచితే, 370 డిగ్రీల ప్రాంతం నుంచి పెద్ద అణువులు విరగడం మొదలవుతుంది. విరిగిన ముక్కల్లో తేలికవి ఆవిరిగా పోతాయి, కార్బన్ గొట్టం గోడకు పట్టుకుంటుంది, దాన్నే కోక్ అంటాం. షట్‌డౌన్ సమయంలో ఫర్నేసు గొట్టాన్ని అడ్డంగా కోసి చూస్తే, అడుగంటి మాడిన బెల్లం పాకంలా నల్లగా, గట్టిగా, ఉలితో కొడితే పెచ్చులుగా ఊడే పొర కనిపిస్తుంది. మంట తగిలే వైపు అది మందంగా, వెనక వైపు పలుచగా ఉంటుంది. ఆ పొర గోడలోని వేడిని నూనెలోకి పోనివ్వదు కాబట్టి గోడ ఇంకా కాలుతుంది, కాలిన కొద్దీ ఇంకా కోక్ పడుతుంది, చివరికి గొట్టం ఉబ్బి పగులుతుంది. రిఫైనరీలో ఇంత పెద్ద ఫర్నేసులు నడిపే మేము కూడా ఆ గొట్టాల్లో చమురును చివరి బొట్టు వరకు ఆవిరి చేయం. వేగంగా పంపించి, 360 డిగ్రీల చుట్టుపక్కల బయటికి తీసి, చమురును భాగాలుగా వేరుచేసే కాలమ్ అడుగు నుంచి మిగిలినదాన్ని ద్రవంగానే లాగేస్తాం. మీ కాయిల్‌కు అటువంటి దారి లేదు. ఉన్న ఒకే దారి అర మిల్లీమీటరు నిపిల్. పిన్ను పెట్టి ఎన్నిసార్లు పొడిచినా, పూడుకుపోయేది నిపిల్ వెనక ఉన్న గొట్టమంతా. ఉక్కు బదులు స్టెయిన్‌లెస్ వాడితే తుప్పు తగ్గుతుంది గానీ కోక్ ఆగదు.

ఇంకో సంగతి. బావి నుంచి వచ్చే చమురులో ఉప్పునీరు ఉంటుంది. ఆ ఉప్పునీటిని తీసేసే డీసాల్టర్ దాటకముందు చమురును ఎర్రగా కాలిన గొట్టంలోకి పంపితే, నీటి చుక్క ఒక్కసారిగా 1,600 రెట్లకు పైగా వ్యాకోచించి ఆవిరవుతుంది. మంట తుంపరలు తుంపరలుగా ఎగిరిపడుతుంది, ఉప్పు గొట్టంలోనే గడ్డకడుతుంది.

ఏ నూనె కాయిల్‌కు సరిపోతుందో ముందుగానే తెలుసుకోవాలంటే ల్యాబ్‌లో కాన్రాడ్సన్ కార్బన్ అవశేషం పరీక్ష (నూనెను వేడిచేసి ఆవిరి చేశాక ఎంత కార్బన్ మిగులుతుందో తూచేది) చేయించండి. కిరసనాయిలుకు ఆ విలువ దాదాపు సున్నా. దానికి దగ్గరగా రాని ఏ నూనెనూ ఆవిరి బర్నర్‌లో పెట్టవద్దన్నది నా గట్టి అభిప్రాయం.

రెండో సమాధానం: రాజమహేంద్రవరం నుంచి, పాలిటెక్నిక్ మెకానికల్ అధ్యాపకులు

పైన సార్ గారు గొట్టం గురించి చెప్పారు, నేను ట్యాంకు గురించి చెప్పాలి. మీ డ్రాయింగ్‌లో నన్ను ఎక్కువ భయపెట్టింది అదే. మన దేశంలో 1934 నాటి పెట్రోలియం చట్టం కింద 23 డిగ్రీల లోపు ఫ్లాష్ పాయింట్ (మంట తగిలితే నూనె ఆవిరి అంటుకునే కనీస ఉష్ణోగ్రత) ఉన్న నూనెలన్నీ క్లాస్ ఏ కిందికి వస్తాయి. కిరసనాయిలు ఆ తరువాతి తరగతి. తేలిక రకం ముడి చమురు పెట్రోలుతో పాటు మొదటి తరగతిలో నిలుస్తుంది. అంటే పోర్ట్ హార్కోర్ట్ ఎండలో, పొయ్యికి రెండడుగుల దూరంలో, పంపుతో గాలి కొట్టిన మూసిన ట్యాంకులో, అంటుకోవడానికి సిద్ధంగా ఉన్న ఆవిరిని గాలితో కలిపి పెట్టినట్లవుతుంది. పంపు వాషర్ అరిగి ఆవిరి వెనక్కి లీకైనా, ట్యాంకు మూత దగ్గర సన్నగా కారినా, ఎదురుగా మంట ఉండనే ఉంది. కిరసనాయిలులో పెట్రోలు కలిసిపోవడం వల్ల స్టవ్వులు, లాంతర్లు పేలి నైజీరియాలో ఎందరో కాలిపోయిన ఉదంతాలు మీకు తెలిసే ఉంటాయి. ముడి చమురులో ఆ పెట్రోలు భాగం పుట్టుకతోనే ఉంటుంది.

చమురు ఎక్కడి నుంచి వస్తుందన్నది కూడా మీ యజమానిని నేరుగా అడగండి. ఎగుమతి టెర్మినళ్లకు, రిఫైనరీలకు వెళ్లవలసిన ముడి చమురు ఒక పొయ్యిల షెడ్డుకు పీపాల్లో వస్తోందంటే అది పైప్‌లైను నుంచి దొంగిలించినదయ్యే అవకాశమే ఎక్కువ. 2022 ఏప్రిల్‌లో ఇమో, రివర్స్ రాష్ట్రాల సరిహద్దులోని అక్రమ శుద్ధి స్థావరంలో పేలుడు జరిగి వంద మందికి పైగా చనిపోయారు. అక్కడ డ్రమ్ముల కింద మంట పెట్టి చేసేది ముడి చమురును ఆవిరి చేయడమే. మీ కాయిల్ దగ్గర మిగిలిన తారును బయటికి తీయడానికి ఒక వాల్వు బిగించిన రోజున మీరూ చిన్న స్థాయిలో అదే యంత్రాన్ని కట్టినవారవుతారు. దయచేసి ఆ దారిలోకి వెళ్లకండి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. కాయిల్ ఆలోచన, ఒత్తిడి ట్యాంకు ఆలోచన రెండూ మానుకుంటున్నాను, చమురు మూలం గురించి యజమానితో మాట్లాడతాను. డిజైన్ అర్థం చేసుకోవడం కోసమే ఇంకొక సందేహం అడుగుతున్నాను. నూనెను ఒత్తిడి లేకుండా ఎత్తు మీది నుంచి చుక్కలుగా ఎర్రగా కాలిన ఇనుప తొట్టిలోకి వదిలితే, అక్కడే ఆవిరై మండదా? అప్పుడు పూడుకుపోవడానికి గొట్టమే ఉండదు కదా.

మొదటి సమాధానం ఇచ్చినవారు

తొట్టి బర్నర్లు చలిదేశాల్లో ఇళ్లు వేడి చేయడానికి చాలాకాలం వాడారు, కానీ వాటిలో పోసింది కిరసనాయిలు, లేదా దానికి దగ్గరగా ఉండే తేలిక నూనె మాత్రమే. ముడి చమురు పోస్తే కోక్ గొట్టంలో కాకుండా తొట్టి అడుగున అట్టలా పేరుకుంటుంది, తేడా అంతే. ముందు తేలిక భాగం ఒక్కసారిగా భగ్గున మండుతుంది, తరువాత బరువైన భాగం గాలి చాలక నల్లటి పొగ కక్కుతుంది. 2016 చివరి నుంచి పోర్ట్ హార్కోర్ట్ వాసుల ముక్కుల్లోకి, బట్టల మీదికి దిగుతున్న మసిలో కొంత ఇలా అరకొరగా మండిన చమురు నుంచి వచ్చినదేనని మీకు నేను చెప్పనక్కర్లేదు. వంటవాడు గంటల తరబడి ఆ పొగలోనే నిలబడాలి.

పొగ కన్నా పెద్ద ప్రమాదం ఇంకొకటి ఉంది. తొట్టి నిండుగా ముడి చమురు మండుతున్నప్పుడు పైన వేడెక్కిన బరువైన పొర మెల్లగా అడుగుకు దిగుతుంది. అడుగున నీరు చేరి ఉంటే, ఆ వేడి తగిలిన క్షణంలో అది ఆవిరై పైనున్న మండే నూనె మొత్తాన్ని గాలిలోకి విసురుతుంది. దీన్ని బాయిల్‌ఓవర్ అంటారు. చమురు ట్యాంకుల మంటలను ఆర్పేవారు దూరంగా నిలబడడానికి ముఖ్య కారణం ఇదే. తొట్టి ఎంత చిన్నదైనా, దాని పక్కన గరిటె పట్టుకున్న మనిషి ఉన్నప్పుడు ఈ ప్రమాదాన్ని చిన్నదని అనలేం.

బరువైన నూనెను ఆవిరి చేయకుండానే మండించడం పాత విద్యే. 1870లు, 1880లలో బాకు చమురు క్షేత్రాల్లో కిరసనాయిలు తీసేశాక మిగిలిన మజూత్‌ను నీటి ఆవిరితో తుంపరగా చిమ్మి ఓడల బాయిలర్లలో మండించారు. యువ రష్యన్ ఇంజనీరు వ్లదీమిర్ షూఖోవ్ అందుకు వాడే నాజిల్‌ను మెరుగుపరిచాడు. రష్యాలోని గ్రాజీ–త్సారిత్సిన్ రైలు మార్గంలో థామస్ ఉర్కహార్ట్ ఇంజన్లను ఆ నూనెతోనే నడిపాడు. వాళ్ల చేతిలో ఉన్నది మీ చేతిలో ఉన్నదానికన్నా మురికి ఇంధనం. అయినా దాన్ని చుక్కలుగా చీల్చి, ఆ చుక్కలు గాలిలో తేలుతుండగానే కాలేలా చూశారు.

మూడో సమాధానం: విజయవాడ నుంచి, క్యాటరింగ్ భట్టీలు తయారు చేసేవారు

లెక్క దగ్గర మొదలుపెడదాం. వంద లీటర్ల నీళ్లను 30 నుంచి 100 డిగ్రీలకు తేవాలంటే సుమారు 29 మెగాజౌళ్ల వేడి కావాలి. పెద్ద గుండిగ కింద నూటికి 40 పాళ్లు పనికి వస్తాయనుకుంటే, నలభై నిమిషాల్లో 73 మెగాజౌళ్లు మండించాలి, అంటే సుమారు 30 కిలోవాట్ల బర్నర్. ఇంటి పంపు స్టవ్వు రెండు మూడు కిలోవాట్లదే. కాబట్టి ముడి చమురు సంగతి పక్కన పెట్టినా, ఆ నమూనా మీ అవసరానికి చాలదు. కిలో నూనెకు 43 మెగాజౌళ్ల చొప్పున గంటకు రెండున్నర కిలోల నూనె పడుతుంది. కిలో నూనెకు పద్నాలుగున్నర కిలోల గాలి తప్పనిసరి, ముప్పై శాతం అదనంగా ఇస్తే గంటకు సుమారు 40 ఘనపు మీటర్ల గాలి. దీనికి చిన్న బ్లోయర్ సరిపోతుంది. మా డీజిల్ భట్టీలు నడిచేది ఇటువంటి బ్లోయర్ మీదే.

ఇంధనం విషయంలో నా సలహా ఇది. డీజిల్ వాడండి, లేదా క్యాంటీన్లలో మిగిలే వాడిన వంటనూనెను వడకట్టి వాడండి. పామాయిల్ విరివిగా వాడే చోట అది దొరకడం కష్టం కాదు, దాని ఫ్లాష్ పాయింట్ 200 డిగ్రీల పైన ఉంటుంది కాబట్టి నిల్వలో భయం తక్కువ. అలాంటి మురికి, చిక్కటి నూనెకు అమెరికాకు చెందిన రాబర్ట్ బాబింగ్టన్ పేరుమీద ఉన్న పద్ధతి బాగా కుదురుతుంది. అందులో నూనె ఏ రంధ్రం గుండానూ వెళ్లదు. గుండ్రటి లోహపు బుడిపె మీదుగా నూనెను పలుచటి పొరగా జార్చి, ఆ బుడిపెకున్న సన్నని రంధ్రం గుండా లోపలి నుంచి గాలిని మాత్రమే ఊదుతారు. గాలి పొరను చీల్చి తుంపర చేస్తుంది, మిగిలిన నూనె కిందికి జారి తిరిగి గిన్నెలో పడుతుంది. నలుసులు ఏవైనా ఉంటే నూనెతో పాటే జారిపోతాయి. మీరు మొదట అడిగిన పూడిక సమస్యకు నాకు తెలిసిన మంచి జవాబు ఇదే. దీనికి చిన్న కంప్రెసర్ కావాలి. ముడి చమురుకు మాత్రం ఇది కూడా వద్దు. గిన్నె తెరిచి ఉంటుంది కాబట్టి తేలిక ఆవిరి షెడ్డంతా వ్యాపిస్తుంది.

మంటను నేరుగా గుండిగకు తగలనివ్వకండి. కాలడం పూర్తికాని చుక్క చల్లటి గుండిగ అడుగుకు తగిలితే మసిగా మారుతుంది. ఫైర్ బ్రిక్ కట్టిన గది ఒకటి కట్టి, అందులో మంట పూర్తిగా కాలాక వేడి వాయువులు మాత్రమే గుండిగ చుట్టూ తిరిగి చిమ్నీలోకి వెళ్లేలా దారి పెట్టండి. ఇటుక ఎర్రబడ్డాక మంట నిలకడగా ఉంటుంది, పొగ కనిపించదు.

ప్రశ్న అడిగినవారు

చాలా స్పష్టంగా చెప్పారండీ. యజమానికి ఈ లెక్కలన్నీ చూపించాను, వాడిన వంటనూనెతో ఒక నమూనా కట్టడానికి ఆయన ఒప్పుకున్నారు. ఇక్కడ కరెంటు తరచూ పోతుంది. మధ్యలో బ్లోయర్ ఆగిపోతే నూనె పోస్తూనే ఉంటుంది కదా, దానికి ఏం చేస్తారు?

మూడో సమాధానం ఇచ్చినవారు

నూనె దారిలో కరెంటు ఉన్నంతసేపే తెరుచుకుని ఉండే సొలినాయిడ్ వాల్వు పెట్టి, దాన్ని బ్లోయర్ లైనుకే కలపండి. కరెంటు పోగానే నూనె కూడా ఆగుతుంది. బ్లోయర్ మోటారు తిరుగుతున్నా బెల్టు తెగడం లాంటివి జరగవచ్చు కాబట్టి, గాలి ఒత్తిడి తగ్గితే అదే వాల్వును మూసే ప్రెషర్ స్విచ్చు ఒకటి అదనంగా పెట్టండి. కరెంటు తిరిగి వచ్చినప్పుడు వాల్వు తనంతట తానే తెరుచుకోకూడదు. ఇటుక ఇంకా వేడిగా ఉండగా గదిలోకి నూనె చిమ్మితే లోపల ఆవిరి నిండి ఒక్కసారిగా భగ్గుమంటుంది. అందుకని మనిషి వచ్చి బటన్ నొక్కితేనే మొదలయ్యేలా వైరింగ్ చేయించండి. నొక్కాక మొదటి అరనిమిషం బ్లోయర్ ఒక్కటే తిరిగి గదిని గాలితో కడగాలి, ఆ తరువాతే నూనె రావాలి. ట్యాంకును పొయ్యి నుంచి కనీసం మూడు మీటర్ల దూరంలో, మధ్యలో ఇటుక గోడ ఉండేలా పెట్టండి. బర్నర్ కన్నా ఎత్తులో పెట్టకండి, వాల్వు సరిగా మూసుకోకపోయినా నూనె దానంతటది పొయ్యిలోకి జారకుండా ఉంటుంది.