85 వేలలో గేమింగ్ పీసీ: షాపులో ఇచ్చిన కొటేషన్ ఒకసారి చూసి చెప్పండి

మున్నేరు (ఖమ్మం)

అందరికీ నమస్కారం. మా తమ్ముడు ఈ ఏడాది ఇంజినీరింగ్‌లో చేరాడు. ఇంటి నుంచే కాలేజీకి వెళ్లొస్తాడు కాబట్టి ల్యాప్‌టాప్ బదులు డెస్క్‌టాప్ కొందామనుకుంటున్నాం. మానిటర్‌తో కలిపి 85 వేలు దాటకూడదని నాన్న ఖరాఖండిగా చెప్పేశారు. వాడు ఆడేవి వాలరెంట్, జీటీఏ 5. సైబర్‌పంక్ 2077 ఆడాలని ఎప్పటి నుంచో కోరిక.

షాపులో ఇచ్చిన కొటేషన్ ఇది: ఐ7-12700ఎఫ్ ప్రాసెసర్, హెచ్610 మదర్‌బోర్డు, 8 జీబీ ర్యామ్ ఒకటి, ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ గ్రాఫిక్స్ కార్డు, 512 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ (స్టోరేజీ), లిక్విడ్ కూలర్, ముందువైపు గాజు, ఆర్‌జీబీ ఫ్యాన్లు ఉన్న కేబినెట్, "గేమింగ్ 600 వాట్" ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై, కంపెనీ పేరు రాయలేదు), 75 హెర్ట్జ్ మానిటర్. "ఐ7 వేస్తున్నాం, ఐదేళ్ల దాకా చూసుకోనక్కర్లేదు" అన్నారు.

ఇంట్లో ఒక పాత పీసీ ఉంది. అందులో డీడీఆర్4 3200 ర్యామ్ 8 జీబీవి రెండున్నాయి. వాటిని వాడుకోవచ్చా?

ఫ్రేమ్‌రేట్ (హైదరాబాద్)

ఈ కొటేషన్‌లో డబ్బంతా కంటికి కనిపించేవాటి మీద పెట్టారు. ఐ7 స్టిక్కరు, లిక్విడ్ కూలర్, లైట్లు. ఫ్రేములు తీసేది గ్రాఫిక్స్ కార్డు, దానికేమో మిగిలిన చిల్లర పెట్టారు.

ఆర్‌టీఎక్స్ 3050 అనే పేరుతో రెండు వేరు వేరు కార్డులున్నాయి. 2022లో వచ్చిన 8 జీబీ కార్డులో 2,560 క్యూడా కోర్లు (లెక్కలు చేసే చిన్న యూనిట్లు), 128 బిట్ మెమరీ బస్ (మెమరీకి వెళ్లే దారి వెడల్పు) ఉంటాయి. 2024లో వచ్చిన 6 జీబీ కార్డులో 2,304 కోర్లు, 96 బిట్ బస్. తగ్గింది 2 జీబీ మెమరీ ఒక్కటే అనుకుంటారు చాలామంది, కానీ కార్డు స్పీడే తగ్గింది. 70 వాట్లతో నడుస్తుంది, విడిగా పవర్ కేబుల్ కూడా అక్కర్లేదు కాబట్టి పాత ఆఫీసు పీసీలో వేసుకోవడానికి బాగుంటుంది. కొత్తగా 85 వేలు పెట్టేవాళ్లకు అది వద్దు.

12700ఎఫ్ మంచి ప్రాసెసరే. 12 కోర్లు, 20 థ్రెడ్లు. కానీ టర్బోలో (పూర్తి వేగంలో) 180 వాట్ల దాకా లాగుతుంది, చవక హెచ్610 బోర్డు మీద అంత పవర్ నిలకడగా అందదు. మీ తమ్ముడు ఆడే గేములకు 6 కోర్లు, 12 థ్రెడ్లున్న ఐ5-12400ఎఫ్ చాలు. కూలర్ బాక్సులోనే వస్తుంది. ఐ7, లిక్విడ్ కూలర్ తీసేస్తే మిగిలే డబ్బంతా కార్డులో పెట్టండి.

ఉక్కునగరం (విశాఖ)

ఫ్రేమ్‌రేట్ అన్నా, 12400ఎఫ్ 2022 జనవరిలో వచ్చింది. ఇప్పుడు కొత్తగా కొనేవాళ్లకు అది ఎందుకు చెబుతున్నారు? ఆ సాకెట్‌లో (ప్రాసెసర్ కూర్చునే చోటు) 14వ తరం దాటి ముందుకు దారి లేదు. ఏఎండీ కొత్త సాకెట్ ఏఎం5 బోర్డు, రైజెన్ 5 7600 ప్రాసెసర్ తీసుకుంటే మూడేళ్ల తర్వాత ప్రాసెసర్ ఒక్కటి మార్చుకుంటే సరిపోతుంది. దానికి ముందు సాకెట్ ఏఎం4 విషయంలో అదే జరిగింది కదా, 2017లో బోర్డు కొన్నవాళ్లలో చాలామంది బయోస్ (బోర్డులోని సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసుకుని 5800ఎక్స్3డీ ప్రాసెసర్ దాకా వెళ్లారు. 7600లో చిన్న ఇన్‌బిల్ట్ గ్రాఫిక్స్ కూడా ఉంటుంది, కార్డు సర్వీసుకు వెళ్లినా పీసీ ఆగదు.

పార్క్‌లేన్ పాతకాపు (సికింద్రాబాద్)

ఉక్కునగరం గారు చెప్పింది నిజమే. ర్యామ్ మామూలు ధరల్లో ఉండి ఉంటే నేనూ కళ్లు మూసుకుని ఏఎం5 అనేవాణ్ణి. కానీ 2025 చివర్లో ర్యామ్ ధరలు అమాంతం పెరిగాయి. మెమరీ కంపెనీలు ఏఐ డేటా సెంటర్లకు సరుకు మళ్లించడంతో మనలాంటి వాళ్లకు మిగిలేది తగ్గిపోయింది. ఏఎం5 అంటే డీడీఆర్5 తప్పనిసరి. 85 వేల బడ్జెట్‌లో 16 జీబీ డీడీఆర్5 కొంటే ఆ దెబ్బ నేరుగా గ్రాఫిక్స్ కార్డు మీద పడుతుంది.

మున్నేరు తమ్ముడూ, మీ ఇంట్లో ఉన్న ఆ రెండు స్టిక్‌లే ఈ బిల్డ్‌లో మీకు కలిసొచ్చేవి. రెండూ కలిపి వేస్తే 16 జీబీ, పైగా డ్యూయల్ ఛానల్. షాపువాళ్లు చెప్పిన 8 జీబీ ఒక్క స్టిక్ కంటే అన్ని విధాలా మేలు. ఒక్క స్టిక్ వేస్తే ప్రాసెసర్‌కు మెమరీ వెడల్పు సగానికి పడిపోతుంది. వాలరెంట్ లాంటి ప్రాసెసర్ మీద నడిచే గేముల్లో ఆ తేడా గట్టిగా తెలుస్తుంది. బోర్డు కొనేటప్పుడు బీ760లో డీడీఆర్4 రకం అని అడిగి, బాక్సు మీద చదివి తీసుకోండి. ఒకే పేరుతో డీడీఆర్5 బోర్డులు కూడా ఉన్నాయి, ఒకదాని ర్యామ్ ఇంకోదానిలో పట్టదు.

ఏఎండీ వైపు వెళ్లాలనుకుంటే రైజెన్ 5 5600, బీ550 బోర్డు కూడా బాగుంటాయి. కానీ "5600 లేదు, 5500 తీసుకోండి, రెండూ ఒకటే" అంటారు కౌంటర్‌లో. ఒకటి కాదు. 5600లో ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలి మెమరీ) 32 ఎంబీ, 5500లో 16 ఎంబీ. పైగా కార్డుకూ ప్రాసెసర్‌కూ మధ్య దారి అయిన పీసీఐఈ 5500లో పాత 3.0 రకం మాత్రమే ఉంటుంది. 8 లేన్ల కార్డు వేస్తే అక్కడ ఇరుకవుతుంది.

ఉక్కునగరం (విశాఖ)

ర్యామ్ చేతిలో ఉంటే లెక్క మారుతుంది, ఒప్పుకుంటున్నా. అయితే 12400ఎఫ్‌కే నా ఓటు. కార్డు సంగతి చెప్పండి.

ఫ్రేమ్‌రేట్ (హైదరాబాద్)

1080పీ (ఫుల్ హెచ్‌డీ) మానిటర్‌కు ఈ బడ్జెట్‌లో చూడాల్సినవి మూడు. ఆర్‌టీఎక్స్ 5060 8 జీబీ, ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ (8, 16 జీబీ రెండు రకాలు), ఇంటెల్ ఆర్క్ బీ580 12 జీబీ.

నేనైతే 9060 ఎక్స్‌టీ 16 జీబీకి డబ్బు సర్దుబాటు చేసుకోమంటాను. ఇప్పటి గేముల్లో టెక్స్చర్లు (వస్తువుల మీద కనిపించే బొమ్మలు) అల్ట్రాలో పెట్టి రే ట్రేసింగ్ (వెలుగు, నీడలను నిజంలా చూపే పద్ధతి) ఆన్ చేస్తే 1080పీలో కూడా 8 జీబీ నిండిపోతోంది. నిండాక సగటు ఫ్రేములు బాగానే కనిపిస్తాయి కానీ మధ్యమధ్యలో గేమ్ తడబడుతుంది, గోడల మీద టెక్స్చర్లు మసకగా వచ్చి ఆలస్యంగా సర్దుకుంటాయి. సెట్టింగులు తగ్గించుకుంటే 8 జీబీతో ఆడుకోవచ్చు, ఆడలేమని కాదు. కానీ నాలుగేళ్లు వాడాలనుకునే కార్డుకు కొన్న మొదటి ఏడాదే సెట్టింగులు తగ్గించడం ఎందుకు?

ఇంకొకటి. 5060 పీసీఐఈ 8 లేన్ల కార్డు, 9060 ఎక్స్‌టీ 16 లేన్లది. మీ బీ760 బోర్డులో తేడా పెద్దగా తెలియదు. పీసీఐఈ 3.0 ఉన్న పాత బీ450 బోర్డు మీద వేసేవాళ్లు మాత్రం ఇది గుర్తుపెట్టుకోవాలి. బీ580 ధరకు మంచి కార్డే. అయితే బయోస్‌లో రీసైజబుల్ బార్ (ప్రాసెసర్ కార్డు మెమరీ మొత్తాన్ని ఒకేసారి అందుకునేలా చేసే సెట్టింగ్) ఆన్ ఉండాల్సిందే, ప్రాసెసర్ పాతదైతే దాని పనితీరు బాగా పడిపోతుంది.

కోనసీమ_కోడర్ (అమలాపురం)

తమ్ముడిది ఏ బ్రాంచ్? సీఎస్‌ఈ ఏఐ అండ్ ఎంఎల్ అయితే ఎన్విడియా వైపు ఆలోచించండి. కాలేజీలో చూపించే కోడ్ చాలావరకు ఎన్విడియా కార్డుల్లోనే ఉండే క్యూడా మీదే నడుస్తుంది.

మున్నేరు (ఖమ్మం)

ఈసీఈ అక్కా.

కోనసీమ_కోడర్ (అమలాపురం)

అయితే ఇబ్బంది లేదు. ఎప్పుడైనా ఎంఎల్ ప్రాజెక్టు వచ్చినా గూగుల్ కోలాబ్‌లో ఉచితంగా దొరికే జీపీయూతో కాలేజీ పని అయిపోతుంది.

ఎర్త్_వైర్ (నిజామాబాద్)

అందరూ కార్డు దగ్గరే ఆగిపోయారు. ఆ కొటేషన్‌లో నాకు అన్నిటికంటే భయం వేసిన మాట "గేమింగ్ 600 వాట్, కంపెనీ పేరు లేదు". నేను చేసేది ఎలక్ట్రికల్ పని. పాడైన పీసీలు చాలా చూశాను.

కేబినెట్‌తో పాటు వచ్చే చవక ఎస్‌ఎంపీఎస్‌ల మీద రాసే వాట్లు చాలాసార్లు క్షణకాలం ఇవ్వగలిగే లెక్క. ప్రాసెసర్, కార్డు రెండూ బతికేది 12 వోల్ట్ లైన్ మీద. అందుకే పక్కనున్న స్టిక్కరు చూడాలి. అక్కడ +12V దగ్గర ఎన్ని ఆంపియర్లని రాసి ఉంటుంది, దాన్ని 12తో గుణించండి. నిజాయితీగా తయారైన 550 వాట్ల యూనిట్‌లో అది 500కు పైనే వస్తుంది. పేరుకు 600 అని రాసి 12 వోల్ట్ మీద 300 కూడా రాకపోతే దాన్ని అక్కడే వదిలేసి రండి. 80 ప్లస్ బ్రాంజ్ అనేది కరెంటు ఎంత వృథా కాకుండా వాడుతుందో చెప్పే గుర్తు, లోపలి రక్షణల గురించి ఏమీ చెప్పదు. కాబట్టి బ్రాంజ్ అని ఉంటే చాలదు, మంచి కంపెనీ 550 లేదా 650 వాట్లది, ఐదేళ్ల వారంటీ ఉన్నది తీసుకోండి. దీనికి పెట్టే డబ్బు తర్వాతి పీసీకి కూడా పనికొస్తుంది.

ఒక మాట అడుగుతాను. మీ పాత పీసీ కేబినెట్ వెనక స్క్రూను వట్టి కాళ్లతో నిలబడి ముట్టుకుంటే జివ్వుమంటుందా?

మున్నేరు (ఖమ్మం)

అంటుందన్నా! చెప్పులు వేసుకుంటే అనదు. అమ్మ తుడిచేటప్పుడు రోజూ తిడుతుంది. పీసీ పాతదైపోయి అలా వస్తోందనుకున్నాం.

ఎర్త్_వైర్ (నిజామాబాద్)

పీసీ తప్పు కాదు, మీ ప్లగ్గుకు ఎర్త్ అందడం లేదు. ఎస్‌ఎంపీఎస్ లోపల కరెంటు వచ్చే చోట ఫిల్టర్ కెపాసిటర్లుంటాయి, ఫేజ్ నుంచి ఒకటి, న్యూట్రల్ నుంచి ఒకటి బాడీకి కలుస్తాయి. ఎర్త్ ఉంటే ఆ కాస్త లీకేజీ భూమిలోకి పోతుంది. లేకపోతే బాడీ మీద 230లో సగం, అంటే 115 వోల్టుల దాకా నిలుస్తుంది. కరెంటు చాలా తక్కువ కాబట్టి జివ్వుమని వదిలేస్తుంది. కానీ లోపల నిజంగా ఏదైనా షార్ట్ అయితే కాపాడేది ఏమీ ఉండదు. బాడీ మీద ఆ వోల్టేజీ ఉండగా హెచ్‌డీఎంఐ కేబుల్ గుచ్చేటప్పుడు కార్డు పోర్టు పోయే ప్రమాదం కూడా ఉంది.

కొత్త పీసీ ఇంటికి రాకముందే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి మల్టీమీటర్‌తో కొలిపించండి. ఫేజ్‌కు, ఎర్త్‌కు మధ్య 230 దగ్గర్లో రావాలి. న్యూట్రల్‌కు, ఎర్త్‌కు మధ్య నాలుగైదు వోల్టులు మించకూడదు. ఎర్త్ గొయ్యి ఉన్న ఇంట్లో కూడా వేసవిలో అది ఎండిపోయి సరిగా పనిచేయకపోవచ్చు. ఉప్పు, బొగ్గు వేసి నింపిన గొయ్యి అయితే ఎండాకాలం అప్పుడప్పుడు నీళ్లు పోస్తుండాలి. ప్లగ్గులో న్యూట్రల్‌నే ఎర్త్ పిన్నుకు కలిపేసి "అయిపోయింది" అనేవాళ్లు ఉంటారు, అలా చేయనివ్వకండి. న్యూట్రల్ ఎక్కడైనా తెగితే కేబినెట్ మీదకు పూర్తి కరెంటు వస్తుంది.

యూపీఎస్ విషయం కూడా చెప్పేస్తా. మామూలు 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది 360 వాట్లే. గేమ్ నడిచేటప్పుడు ఈ పీసీ, మానిటర్ కలిసి ఆ అంచు దాకా వెళ్తాయి. 1000 వీఏది చూడండి. ఇంట్లో సైన్‌వేవ్ ఇన్వర్టర్ ఉంటే దాని వెనక స్విచ్ యూపీఎస్ మోడ్‌లో పెట్టండి. లేకపోతే కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే లోపు పీసీ రీస్టార్ట్ అవుతుంది.

కోనసీమ_కోడర్ (అమలాపురం)

కేబినెట్ గురించి నాదొక మాట. ముందు గాజు ఉన్నది వద్దు, జాలీ ఉన్నది తీసుకోండి. ఖమ్మంలో మే నెలలో ఏసీ లేని గది ఎలా ఉంటుందో మీకు తెలుసు. లోపలి భాగాలు ఎంత చల్లబడినా గది గాలి కంటే చల్లబడవు, గాజు ఉంటే ఆ గాలి కూడా లోపలికి సరిగా రాదు. ముందు రెండు ఫ్యాన్లు లోపలికి, వెనక ఒకటి బయటికి, అంతే చాలు. దుమ్ము వల్ల నెలా రెండు నెలలకోసారి ఫిల్టర్ కడగాలి. బ్లోయర్‌తో ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్క వేలితో పట్టుకోండి, తిరగనిస్తే బేరింగ్ పాడవుతుంది.

రెండో_చెయ్యి (కర్నూలు)

సెకండ్ హ్యాండ్ గురించి ఎవరూ అనలేదు. వారంటీ మిగిలి, బిల్లు ఉన్న కార్డు దొరికితే తప్పు లేదు. కానీ ఆన్‌లైన్‌లో "ఆర్‌ఎక్స్ 580 8 జీబీ" అని చవగ్గా వచ్చేవాటిలో చాలా వరకు 2048ఎస్‌పీ రకం, అంటే లోపల 2,048 చిన్న ప్రాసెసర్లే. అసలు 580లో 2,304 ప్రాసెసర్లుంటాయి. "ఐ7 గేమింగ్ పీసీ 20 వేలే" అని కనిపించేవి ఎక్కువగా 2012 నాటి ఐ7-3770. దానికి విండోస్ 11 అధికారికంగా రాదు, విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. ఐ7 అనే పేరు ఒక్కటే చూసి మోసపోయేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, బాధేస్తుంది.

డాలస్_తెలుగు

అమెరికా నుంచి ఎవరైనా వస్తుంటే కార్డు తెప్పించుకోవచ్చు అనుకుంటారు. వారంటీ ఇండియాలో చెల్లుతుందో లేదో కంపెనీ సైట్‌లో చూసుకున్నాకే అడగండి. చాలా బ్రాండ్లకు కొన్న దేశంలోనే చెల్లుతుంది.

పార్క్‌లేన్ పాతకాపు (సికింద్రాబాద్)

కొనడానికి సికింద్రాబాద్ వచ్చేట్టయితే పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు రండి. ఒక్క షాపులో అన్నీ అడగకుండా నాలుగైదు చోట్ల అదే లిస్టు ఇచ్చి ధర రాయించుకోండి. "బిల్లు లేకపోతే తగ్గిస్తా" అంటారు. జీఎస్టీ 18 శాతం మిగిలిందని సంబరపడతాం కానీ కార్డు పోయిన రోజు సర్వీస్ సెంటర్‌లో మొదట అడిగేది బిల్లే. ప్రతి వస్తువు సీరియల్ నంబర్ బిల్లు మీద రాయించుకోండి. ఆన్‌లైన్‌లో తెప్పిస్తే సీలు తీయకముందు నుంచే వీడియో తీయండి.

మున్నేరు (ఖమ్మం)

అందరికీ చాలా థ్యాంక్స్. ఎలక్ట్రీషియన్ వచ్చి చూశాడు. ఎర్త్ వైరు బోర్డు దాకా వచ్చి అక్కడ దేనికీ కలపకుండా చుట్టి వదిలేసి ఉంది. కలిపాక కొలిస్తే ఎర్త్_వైర్ అన్న చెప్పిన లెక్కల్లోనే వచ్చింది. ఇప్పుడు పాత పీసీ ముట్టుకున్నా ఏమీ అనడం లేదు, అమ్మ చాలా సంతోషపడింది.

లిస్టు ఇలా ఖాయం చేశాం: 12400ఎఫ్, బీ760 డీడీఆర్4 బోర్డు, పాత ర్యామ్ 16 జీబీ, 9060 ఎక్స్‌టీ 16 జీబీ, 1 టీబీ ఎన్‌వీఎంఈ, 650 వాట్ల బ్రాంజ్ ఎస్‌ఎంపీఎస్, జాలీ కేబినెట్, 24 అంగుళాల 180 హెర్ట్జ్ ఐపీఎస్ మానిటర్. యూపీఎస్ వచ్చే నెల. బిగించేది మేమే. ముందే చూసుకోవాల్సినవి ఏమైనా ఉంటే చెప్పండి.

ఫ్రేమ్‌రేట్ (హైదరాబాద్)

లిస్టు చాలా బాగుంది. కూలర్ బిగించే ముందు అడుగున ప్లాస్టిక్ పొర ఉందేమో చూసి పీకేయండి. బోర్డుకు నాలుగు ర్యామ్ స్లాట్లుంటే ప్రాసెసర్ వైపు నుంచి రెండోది, నాలుగోది వాడండి. మానిటర్ కేబుల్ కార్డుకే పెట్టాలి. 12400ఎఫ్‌లో ఇన్‌బిల్ట్ గ్రాఫిక్స్ ఉండదు కాబట్టి బోర్డుకు పెడితే తెర నల్లగానే ఉంటుంది, అది చూసి టెన్షన్ పడొద్దు. బయోస్‌లోకి వెళ్లి ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ను దాని అసలు స్పీడులో నడిపే సెట్టింగ్) ఆన్ చేయండి, లేకపోతే 3200 ర్యామ్ తక్కువ స్పీడులోనే నడవొచ్చు. రీసైజబుల్ బార్ ఆన్‌లో ఉందో లేదో అక్కడే చూసుకోండి.

విండోస్ వేశాక డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో రిఫ్రెష్ రేటు 180కి మార్చడం మరిచిపోకండి. కొత్త మానిటర్ చాలాసార్లు 60లోనే మొదలవుతుంది. కొన్న నెలల తర్వాత కూడా అలాగే ఆడుతున్నవాళ్లను చూశాను.