వార్‌క్రాఫ్ట్ 3: ఆర్థస్ చెడింది స్ట్రాథోల్మ్‌లో కాదు, ఓడల దగ్గర

కూకట్‌పల్లి_పాలడిన్:
మొన్న వార్‌క్రాఫ్ట్ 3 గేమ్ కొత్త వెర్షన్ రీఫోర్జ్డ్‌లో హ్యూమన్ క్యాంపెయిన్ (మనుషుల వైపు కథ) మళ్ళీ మొదట్నుంచి ఆడా. ఎవర్ని అడిగినా ఒకటే మాట, ఆర్థస్ స్ట్రాథోల్మ్‌లో జనాన్ని నరికాడు, అక్కడితో విలన్ అయిపోయాడు అని. నేనైతే ఒప్పుకోను. వాడు చెడింది సముద్రం అవతల మంచు నేల నార్త్‌రెండ్‌లో, సొంత ఓడలు తగలబెట్టించినప్పుడు.

కథ తెలీనోళ్ళకి రెండు ముక్కల్లో చెప్తా, ఎందుకంటే మన హైదరాబాద్‌లో చాలామందికి వార్‌క్రాఫ్ట్ 3 అంటే నెట్ సెంటర్లో ఆడిన డోటా మ్యాపే, క్యాంపెయిన్ జోలికి పోయినోళ్ళు తక్కువ. ఆర్థస్ లార్డెరాన్ రాజ్యానికి యువరాజు, పాలడిన్ (దైవశక్తితో పోరాడే యోధుడు). ఆండోర్హాల్ నుంచి ఊళ్ళకి పంపిన ధాన్యంలో ప్లేగు కలిపేశారు, అది తిన్నోళ్ళు చచ్చి మళ్ళీ అన్‌డెడ్‌గా లేస్తారు. హార్త్‌గ్లెన్‌లో ఆర్థస్ ఇది కళ్ళారా చూశాడు, అప్పటిదాకా కాపాడుతున్న జనమే తిరగబడితే 30 నిమిషాలు ఊరిని కాచుకోవాలి, గురువు ఊథర్ సైన్యంతో చివర్లో వస్తాడు. తర్వాత స్ట్రాథోల్మ్‌కి వెళ్తే అక్కడ ధాన్యం అప్పటికే పంచేశారు. ఊరు మొత్తాన్ని చంపేద్దాం అంటాడు, గురువు ఊథర్ కుదరదంటాడు, ఇది రాజద్రోహం అని ఊథర్‌ని పదవిలోంచి తీసేస్తాడు, తోడొచ్చిన మేజ్ (మంత్రగత్తె) జైనా కూడా చూడలేక వెళ్ళిపోతుంది.

నా పాయింట్ ఏంటంటే హార్త్‌గ్లెన్‌లో ఆ అరగంట నిలబడింది ఆర్థస్, ఊథర్ కాదు. స్ట్రాథోల్మ్‌లోనైతే మాల్‌గానిస్ అనే డ్రెడ్‌లార్డ్ (రాక్షసుడు) అప్పటికే కూర్చుని ఉన్నాడు, లేచిన ప్రతి శవం వాడి సైన్యంలోకే పోతుంది. నిర్ణయం ఘోరమే, కాదనను, కానీ వేరే దారి లేదు, ఉద్దేశం మాత్రం ఇంకా జనం కోసమే.

మల్కాజ్‌గిరి_గ్రోమ్:
అన్నా నువ్వు చెప్పేదాంట్ల ఒక్కటి కుదుర్తలేదు. దారి లేదు అంటున్నవ్, దారి ఉందా అని ఎవల్నన్న అడిగిండా? పక్కనే జైనా ఉంది, గీ ప్లేగు సంగతి తెల్సుకుందామనే కిరిన్ టోర్ అనే సంఘం మేజ్‌లు ఆమెను పంపిన్రు. ఆమెను ఒక్క మాట అడగలే. 2020 ఏప్రిల్‌ల మన సిటీల కంటైన్‌మెంట్ జోన్లు పెట్టిన్రు గుర్తుందా, గల్లీలకు అడ్డంగ బారికేడ్లు కట్టి లోపలున్నోళ్ళకు సామాన్లు బయటికెల్లి అందించిన్రు. సైన్యం చేతిల ఉన్నప్పుడు దార్లు బంద్ జేసి, తిన్నోళ్ళెవరు తిననోళ్ళెవరు అని చూడొచ్చు కదా. ధాన్యం పంచిన్రు నిజమే గని, ప్రతి ఇంట్ల వండుకొని తిన్నరని ఎవ్వలు చూసిన్రు? పసిపిల్లలు ఏం తిన్నరు? గా ప్రశ్నలు అడగకుండ సుత్తె ఎత్తినోడు జనం కోసం ఎత్తిండంటే నేను నమ్మ.

సైనిక్‌పురి_సిల్వానస్:
బారికేడ్ల పోలిక సగమే సరిపోతుంది, కరోనా మనిషిలా నడుచుకుంటూ వచ్చి ఇంటింటికీ తిరగదు, మాల్‌గానిస్ తిరుగుతాడు. కానీ ఆ మిషన్ ఎలా కట్టారో ఒకసారి గుర్తు తెచ్చుకోండి, ఉద్దేశం ఏంటో అక్కడే కనిపిస్తుంది. స్క్రీన్ మూల రెండు అంకెలు ఉంటాయి, ఒకటి మనది ఒకటి మాల్‌గానిస్‌ది. వాడు 100 మందిని తనవైపు లాక్కునే లోపు మనం 100 మందిని చంపాలి. ఇళ్ళు కొట్టాలి, ఇల్లు కూలగానే లోపలోళ్ళు బయటికొస్తారు, ఇంకా మనుషుల్లాగే ఉంటారు, మన కళ్ళముందే జాంబీలుగా మారతారు. ఆడేటప్పుడు నేను మనుషుల్ని చూడడం మానేసి ఆ అంకెల్నే చూశా, వాడి అంకె నాదాన్ని దాటితే చాలు గుండె ఆగినంత పనయ్యేది, ఇంకో వీధికి పరిగెత్తించి ఇంకో ఇల్లు కొట్టించేదాన్ని. ఆర్థస్ బుర్రలో కూడా అదే జరిగింది అని నా నమ్మకం. ఊళ్ళోకి వెళ్ళేటప్పుడు జనం కోసమే వెళ్ళాడేమో, సగానికి వచ్చేసరికి మాల్‌గానిస్ మీద పందెం అయిపోయింది.

ఇంకోటి ఎవరూ మాట్లాడనిది. స్ట్రాథోల్మ్‌కి ముందు ప్రాఫెట్ (మెడివ్ అనే మంత్రగాడు) దారిలో ఆర్థస్‌ని కలిసి, ఈ నేల పోయినట్టే, నీ జనాన్ని తీసుకుని పడమటికి సముద్రం దాటి వెళ్ళు అంటాడు. నా చోటు నా ప్రజల దగ్గరే, వాళ్ళని వదిలి ఎక్కడికీ రాను అంటాడు వీడు. తర్వాత రెండు మిషన్లకి ఏం చేశాడు? సముద్రమే దాటాడు. జనాన్ని వదిలేసి, సైన్యాన్ని తీసుకుని, మాల్‌గానిస్ ఒక్కడి కోసం. ఆ మాట విన్న జైనా మాత్రం దొరికినోళ్ళందర్నీ ఓడలెక్కించి పడమటి ఖండం కాలిమ్‌డోర్ తీసుకెళ్ళింది, వాళ్ళు బతికారు.

కూకట్‌పల్లి_పాలడిన్:
ప్రాఫెట్ పాయింట్ అదిరింది, కానీ అది నా వాదనకే బలం. చూడండి, నార్త్‌రెండ్ వెళ్ళాక కూడా వెనక్కి రావడానికి దారి ఉంది. ఊథర్ చెప్తే రాజు టెరెనాస్ కబురు పంపాడు, సైన్యం వెనక్కి వచ్చెయ్యాలని. సైనికులకైతే ప్రాణం లేచొచ్చింది, సామాన్లు సర్దుకుని అడవి దారిన ఓడల వైపు బయల్దేరారు. అప్పుడు ఆర్థస్ ఏం చేశాడు, కిరాయి మూకని డబ్బులిచ్చి పెట్టుకుని, తన మనుషుల కంటే ముందే వెళ్ళి ఓడలన్నీ తగలబెట్టించాడు. అది కూడా కాదు నాకు మంటెక్కేది, సైనికులు వచ్చి కాలుతున్న ఓడల్ని చూసి నిలబడిపోతే, ఇదిగో వీళ్ళే మీ ఓడలు తగలబెట్టారు చంపండి అని ఆ కిరాయోళ్ళనే చూపిస్తాడు. డ్వార్ఫ్ మిత్రుడు మురాడిన్ పక్కనే ఉండి నోరు తెరుచుకుని చూస్తాడు.

స్ట్రాథోల్మ్‌లో వాడు ఎవరికీ అబద్ధం చెప్పలేదు. చేసేది మొహమ్మీదే చెప్పి చేశాడు, ఇష్టం లేనోళ్ళు వెళ్ళిపోవచ్చు అన్నాడు, ఊథర్ వెళ్ళాడు జైనా వెళ్ళింది. ఓడల దగ్గర ఇల్లు చేరాలనుకున్న సొంత మనుషుల్ని మంచులో బంధించి, ఆ పాపం ఇంకోళ్ళ మీద వేశాడు. ఇందులో లార్డెరాన్ జనానికి ఒరిగింది ఏముంది? ఒక్కరికైనా ఒక్క ప్రాణం దక్కిందా?

నల్లకుంట_నెర్‌జుల్:
మీరంతా ఆర్థస్ చుట్టూనే తిరుగుతున్నారు, అసలు సూత్రధారిని వదిలేశారు. ఆ అన్‌డెడ్ సైన్యానికి రాజు లిచ్ కింగ్ ఎవరు? నెర్‌జుల్, ఒకప్పటి ఓర్క్ షామన్ (పూజారి). రాక్షసుల నాయకుడు కిల్‌జేడెన్ వాడి శరీరాన్ని చీల్చి ఆత్మని మంచుగడ్డలో బంధించి నార్త్‌రెండ్‌లో పడేశాడు, కాపలాకి డ్రెడ్‌లార్డ్‌లని పెట్టాడు. వాడికి కావాల్సింది రెండే, ఆ జైల్లోంచి బయటపడాలి, ఉండడానికి ఒక ఒళ్ళు కావాలి. అందుకే ఫ్రాస్ట్‌మోర్న్ కత్తిని బయటికి తోశాడు, అందుకే ఆర్థస్‌ని అక్కడికి రప్పించాడు. కత్తి చేతికి రాగానే ఆర్థస్‌తో చంపించింది ఎవర్ని? తన కాపలాదారైన మాల్‌గానిస్‌నే. ఇంత పకడ్బందీగా వల పన్నినప్పుడు ఒక కుర్రాడు ఎక్కడ చెడ్డాడు అని కొట్టుకోవడం ఏంటి? నెర్‌జుల్ కూడా పుట్టుకతో రాక్షసుడు కాదు, ముందు మోసపోయినోడే. గేమ్‌లో అందరికంటే బలమైన కారణం ఉన్న విలన్ వాడే అంటాను నేను.

మల్కాజ్‌గిరి_గ్రోమ్:
నెర్‌జుల్ మీద జాలి నాకూ ఉంది బ్రో, కానీ వల పన్నినోడు ఉన్నడని వలల దుంకినోని తప్పు పోదు కదా. గా కత్తి మీద శాపం ఉందని మురాడిన్ చదివి మరీ చెప్పిండు, వద్దని బతిమాలిండు. అయినా పట్టుకున్నడు.

ఓడల సంగతి నేను కాదంటలేను అన్నా, అది దగా. కానీ 2008ల వచ్చిన వావ్ (వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్) ఎక్స్‌పాన్షన్‌ల స్ట్రాథోల్మ్ డంజన్ ఆడిన్రా? చరిత్ర మారొద్దని మనమే ఆర్థస్ పక్కన నిలబడి ఆ ఊచకోత పూర్తి చేపియ్యాలె. నాకైతే చెయ్యి రాలే. అబద్ధం చెప్పలేదు కాబట్టి అది చిన్న తప్పు, ఓడలు పెద్ద తప్పు అంటే, చచ్చినోళ్ళకు ఆ తేడా ఏం తెలుస్తది? ఓడల దగ్గర సైనికులు, ఇక్కడ ఇంట్ల కూసున్న జనం.

సైనిక్‌పురి_సిల్వానస్:
చచ్చినోళ్ళ వైపు నుంచి చూస్తే గ్రోమ్ చెప్పిందే నిజం. కానీ ఇక్కడ ప్రశ్న ఏది పెద్ద పాపం అని కాదు కదా, వాడి ఉద్దేశం ఎప్పుడు మారింది అని.

కూకట్‌పల్లి_పాలడిన్:
అదే నేను మొదట్నుంచి మొత్తుకునేది. నెర్‌జుల్ గారికి కూడా నా జవాబు అదే. ఫ్రాస్ట్‌మోర్న్ పట్టుకున్నాక వాడి ఆత్మ వాడి దగ్గర లేదు, తండ్రిని చంపింది, చచ్చిన మంత్రగాడు కెల్‌థుజాడ్‌ని లేపింది, ఎల్ఫ్ సిల్వానస్‌ని బాన్షీని (దెయ్యాన్ని) చేసింది, అవన్నీ లిచ్ కింగ్ ఖాతాలో వేసుకోండి, నాకు అభ్యంతరం లేదు. ఓడలు తగలబడింది మాత్రం కత్తి దొరక్కముందు. అప్పటికి ఆ తలలో ఇంకెవరి గొంతూ లేదు. లిచ్ కింగ్ చెప్తేనే ఓడలు కాల్చాడు అని చూపించే సీన్ ఏదన్నా ఉంటే మిషన్ పేరు చెప్పండి, ఈ రాత్రికే లోడ్ చేసి చూస్తా.