స్వాబ్‌లో మగ డీఎన్‌ఏ రాలేదంటే అది అబద్ధపు కేసేనా?

ల్యాబ్‌బెంచ్: రేప్ కేసు స్వాబ్‌లో (బాధితురాలి ఒంటి నుంచి దూదిపుల్లతో తీసిన నమూనా) ఆమె కణాలే ఎక్కువ, వీర్యకణాలు తక్కువ. ముందు ఎస్‌డీఎస్ (సబ్బులాంటి రసాయనం), ప్రొటీనేజ్ కే (ప్రొటీన్లను కరిగించే ఎంజైమ్) వేస్తే ఆమె కణాలు పగిలి డీఎన్‌ఏ బయటికొస్తుంది, వీర్యకణం తల మాత్రం డైసల్ఫైడ్ అనే గట్టి బంధాల వల్ల పగలదు. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, అడుగున చేరిన ఆ తలల్ని కడిగి, అప్పుడు ఆ బంధాలు తెంచే డీటీటీ అనే రసాయనం వేసి వాటిని పగలగొడతాం. 1985లో శాస్త్రవేత్తలు గిల్, జెఫ్రీస్, వెరెట్ చూపించిన పద్ధతి ఇదే.

గోదారిగట్టు: అంత మంచి పద్ధతి ఉన్నాక కూడా రాలేదంటే మగాడు లేడనేగా సార్?

ల్యాబ్‌బెంచ్: కాదండీ. వేసెక్టమీ అయినవాడైతే అసలు వీర్యకణాలే ఉండవు, అతని మిగతా కణాలు మొదటి దశలోనే ఆమెవాటితో కలిసి పగిలిపోతాయి. అప్పుడు వై-ఎస్‌టీఆర్ (మగవాళ్లకే ఉండే వై క్రోమోజోమ్‌ని మాత్రమే చూసే పరీక్ష) చేయాలి.

గోదారిగట్టు: ఆ వై-ఎస్‌టీఆర్ ఊసెత్తకండి. తండ్రికీ కొడుక్కీ అన్నదమ్ములకీ అదే వస్తుంది. మ్యాచ్ అయిందని మా తమ్ముడు ఏడు నెలలు జైల్లో ఉన్నాడు, తీరా చూస్తే మా చిన్నాన్న కొడుకుదీ అదే.

రాయలసీమపిల్ల: మా పెద్దమ్మ కూతుర్ని నాలుగో రోజుకి గానీ ఆసుపత్రిలో చూడలేదు, తడి బట్టలు ప్లాస్టిక్ కవర్లో కట్టారు.

ల్యాబ్‌బెంచ్: అయ్యో, ఆరబెట్టి కాగితం కవర్లో పెట్టాలి, తడిలో బ్యాక్టీరియా డీఎన్‌ఏని తినేస్తుంది.

గోదారిగట్టు: కవర్ మీద నెపం పెట్టడం తేలిక.

కోర్టుమెట్లు: కవరే కాదు బ్రదర్, 2022లో ఢిల్లీ ఛావలా అత్యాచారం, హత్య కేసులో సుప్రీంకోర్టు శాంపిల్స్ పోలీసు మాల్‌ఖానాలో (సీజ్ చేసినవి దాచే గది) ఉండిపోయిన సంగతి కూడా ఎత్తి చూపి నిందితుల్ని వదిలేసింది.

రాయలసీమపిల్ల: ఇంకా కవరేనా? రిపోర్ట్‌లో మగ ప్రొఫైల్ రాలేదని ఉంటే, అది చూపించి అవతలి లాయర్ మా అక్కని నిండు కోర్టులో అబద్ధాలకోరు అన్నాడు! ఆ రోజు నుంచి తను గడప దాటలేదు.

గోదారిగట్టు: అమ్మా, మీ అక్కని నేను ఒక్క మాట అనలేదు. మ్యాచ్ అయిన రిపోర్ట్ మా తమ్ముణ్ణి లోపల వేసింది. ఏమీ రాని రిపోర్ట్ వచ్చినా నిర్దోషి అని కాదంటే, తప్పు చెయ్యనివాడు ఏ కాగితం పట్టుకుని నిలబడాలి?

ల్యాబ్‌బెంచ్: ఆ కాగితం ఇవ్వడం మా ల్యాబ్ వల్ల కాదండీ. ఎన్నో రోజున తీశారు, ఎలా ప్యాక్ చేశారు, ఏ దశలో ఏం దొరికింది అన్నది ప్రతి రిపోర్ట్‌లో రాయమని నేను అడుగుతున్నా. అది ఉంటే ఆ లాయర్ నోరు అలా లేచేది కాదు, వై ఒక్కటే చూసి మీ తమ్ముణ్ణి లోపలేసేవాళ్లూ కాదు.

గోదారిగట్టు: రాస్తే చదివేదెవరు సార్?

రాయలసీమపిల్ల: మేం చదువుతాం. ముందు రాయండి.