కాండం అడ్డుకోతల పరారుణ చిత్రాలు: పీసీఏ చూపుతున్నది లిగ్నినా, కోత మందమా?

కాండకోత (ప్రశ్న)

నీటి ఎద్దడికి గురైన మొక్కల దారువులో లిగ్నిన్ (కణకవచాలను గట్టిపరిచే పదార్థం) ఎలా మారుతుందో తెలుసుకోవడానికి, పది మైక్రాన్ల మందంతో కాండాన్ని అడ్డంగా కోసి, ఆ కోతలను బేరియం ఫ్లోరైడ్ పలకలపై ఉంచి ఎఫ్‌టీఐఆర్ (పరారుణ కాంతిని పదార్థం ఎంత పీల్చుకుంటుందో కొలిచే పద్ధతి) చిత్రాలు తీస్తున్నాను. డిటెక్టరు 64×64 పిక్సెళ్లది కావడంతో ఒక్కో చిత్రంలో 4,096 స్పెక్ట్రాలు వస్తున్నాయి. తరంగ సంఖ్య 1510 (ఇక్కడి అంకెలన్నీ సెం.మీ.⁻¹ లలో) దగ్గరి లిగ్నిన్ శిఖరం ఎత్తును రంగుల పటంగా గీస్తే నాళికాపుంజాలు చక్కగా వెలుగుతున్నాయి. పీసీఏ (స్పెక్ట్రాల మధ్య తేడాలను కొన్ని ప్రధాన అంశాలుగా కుదించే గణాంక పద్ధతి) మొదటి అంశం కూడా ఇంచుమించు అదే బొమ్మను ఇస్తోంది కానీ, దాని లోడింగ్‌లో (ఏ తరంగ సంఖ్యకు ఎంత బరువో చూపే గీతలో) శిఖరాలన్నీ ఒకే దిశలో ఉండి సగటు స్పెక్ట్రంలాగే కనిపిస్తోంది. మరో సంగతి: పిక్సెళ్లను యాదృచ్ఛికంగా శిక్షణకు, పరీక్షకు విడదీసినప్పుడు వర్గీకరణ నమూనా ఎద్దడి మొక్కలను దాదాపు తప్పు లేకుండా గుర్తిస్తోంది. ఒక్కో వర్గంలో (ఎద్దడి, మామూలు) ఉన్నవి మూడు మొక్కలే. ఫలితం ఇంత బాగా రావడమే నాకు అనుమానంగా ఉంది.

పరారుణం (జవాబు)

లోడింగ్ సగటు స్పెక్ట్రాన్ని పోలి ఉందంటే, ఆ అంశం ప్రధానంగా కాంతి దారిలో ఎంత పదార్థం అడ్డుపడిందో చెబుతోందన్నమాట. దారువు కణకవచాలు మందంగా ఉంటాయి, మృదుకణజాలంలో ఖాళీ ఎక్కువ. అందువల్ల లిగ్నిన్ పాత్ర ఏమీ లేకపోయినా అదే బొమ్మ వచ్చేది. ముందుగా 1510 శిఖరానికి ఇరువైపులా ఉన్న లోయలను కలుపుతూ ఆధారరేఖ గీసి, ఆ రేఖకు పైనున్న వైశాల్యాన్ని కొలవండి. తరవాత దాన్ని 1000 నుంచి 1200 వరకు విస్తరించిన పాలీశాకరైడ్ల (సెల్యులోజ్ వంటి పొడవాటి చక్కెర గొలుసుల) పట్టీ వైశాల్యంతో భాగించండి. అప్పుడు మీకు దక్కేది లిగ్నిన్ పరిమాణం కాదు, పాలీశాకరైడ్లతో పోల్చిన నిష్పత్తి మాత్రమే. ఎద్దడిలో సెల్యులోజ్ తగ్గినా ఆ నిష్పత్తి పెరుగుతుందని గుర్తుంచుకోవాలి. సావిట్స్కీ-గోలే (స్పెక్ట్రాన్ని నునుపు చేస్తూ అవకలనం తీసే పద్ధతి) ద్వితీయ అవకలనం ఆధారరేఖ వాలును తొలగిస్తుంది గానీ మందం ప్రభావాన్ని తొలగించదు కనుక దాని తరవాత కూడా నార్మలైజేషన్ (మందం తేడాలు పోయేలా స్పెక్ట్రాలను ఒకే కొలతకు తేవడం) తప్పదు.

చెదరడం సంగతి కూడా చూడాలి. 1510 అంటే సుమారు 6.6 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం. కణకవచాలు, కణాల లోపలి ఖాళీలు ఆ కొలతకు దగ్గరగా ఉన్నచోట మీ పరిక్షేపణం వల్ల ఆధారరేఖ అలలా వంగుతుంది, శిఖరాలు కాస్త పక్కకు జరుగుతాయి. (ఇక్కడ మీ అన్నది గుస్తావ్ మీ అనే శాస్త్రవేత్త పేరు.) ఈఎంఎస్‌సీ (చెదరడం ప్రభావాన్ని లెక్కగట్టి తీసేసే గణిత పద్ధతి) వంటి సవరణ చేయకుండా అలాంటి పిక్సెళ్లను నమ్మకండి. పైగా విభేదన పరిమితి (రెండు బిందువులను విడివిడిగా చూడగల కనిష్ఠ దూరం) కూడా ఆ తరంగదైర్ఘ్యం స్థాయిలోనే ఉంటుంది కాబట్టి, పిక్సెల్ ఎంత చిన్నదైనా పలుచని కణకవచం స్పెక్ట్రం పక్కనున్న ఖాళీతో కలిసే వస్తుంది.

ఆరుమొక్కలు (జవాబు)

మీ అనుమానం సరైనదే. ఒకే మొక్కలోని పక్కపక్క పిక్సెళ్లు కవలల వంటివి. ఒకటి శిక్షణలోనూ మరొకటి పరీక్షలోనూ ఉంటే నమూనా గుర్తుపట్టేది ఎద్దడిని కాదు, ఆ మొక్కను. ప్రతిసారీ ఒక మొక్కను పూర్తిగా పక్కన పెట్టి, మిగిలిన ఐదింటితో శిక్షణ ఇచ్చి చూడండి. నార్మలైజేషన్‌కు వాడే సగటును కూడా ఆ ఐదింటి నుంచే తీసుకోవాలి. అప్పుడైనా ఆరు మొక్కలను మూడేసిగా 20 విధాలుగానే విడదీయగలం, వర్గాల పేర్లు తారుమారైతే వచ్చే జంటలను ఒకటిగా లెక్కిస్తే మిగిలేవి 10. కాబట్టి ఆరింటినీ సరిగ్గా గుర్తించినా పీ-విలువ (కేవలం యాదృచ్ఛికంగా ఇలాంటి ఫలితం వచ్చే సంభావ్యత) 0.1 కంటే తగ్గదు. లక్ష పిక్సెళ్లు ఉన్నా ఈ లెక్క మారదు.

ఒక ప్రశ్న: రెండు వర్గాల కోతలనూ ఒకే రోజున, కలగలిపిన క్రమంలో స్కాన్ చేశారా? గాలిలోని నీటి ఆవిరి గీతలు సుమారు 1300 నుంచి 1900 దాకా పరుచుకుని ఉంటాయి, 1510 వాటి మధ్యలోనే ఉంది. నమూనా లోడింగ్‌లో సన్నని, పదునైన ముళ్లు కనిపిస్తే అవి కణకవచానివి కావు, ఆ రోజు తేమవి.

కణకవచం (జవాబు)

కోతలు పారఫిన్‌లో పొదిగినవైతే 2850, 1462 దగ్గర మైనం మిగిలిందేమో చూడండి. మైనం తీయడానికి వాడే ద్రావకం మొక్క సొంత లిపిడ్లను కూడా తీసుకుపోతుంది కనుక లిపిడ్ల గురించి ఏమీ అనకపోవడం మంచిది. లిగ్నిన్‌కు సంబంధించి పక్క కోతను ఫ్లోరోగ్లూసినాల్-ఆమ్లంతో రంగు వేసి సరిపోల్చవచ్చు, అయితే ఆ ఎరుపు రంగు ప్రధానంగా సినమాల్డిహైడ్ సమూహాలదే, మొత్తం లిగ్నిన్‌ది కాదు. మొత్తం కావాలంటే అదే కాండం మిగతా భాగంపై ఎసిటైల్ బ్రోమైడ్ పద్ధతి చేయించండి. పీసీఏ బదులు ఎంసీఆర్-ఏఎల్‌ఎస్ (కలిసిపోయిన స్పెక్ట్రాలను ఒక్కో పదార్థపు స్పెక్ట్రంగా విడదీసే పద్ధతి) వాడితే రుణ విలువలు లేని, చూడగానే అర్థమయ్యే స్పెక్ట్రాలు వస్తాయి. కానీ ఒకే దత్తాంశానికి సమానంగా సరిపోయే పరిష్కారాలు అనేకం ఉండగలవు కాబట్టి, వచ్చిన స్పెక్ట్రాన్ని శుద్ధి చేసిన లిగ్నిన్ స్పెక్ట్రంతో పోల్చకుండా దానికి పేరు పెట్టకండి.

కాండకోత

అందరికీ ధన్యవాదాలు. మొక్కను పక్కన పెట్టి చూస్తే ఆరింటిలో మూడే సరిగ్గా వచ్చాయి. బొమ్మాబొరుసు వేసినా అంతే వచ్చేది. మామూలు మొక్కల కోతలన్నీ ఒక రోజున, ఎద్దడి మొక్కలవన్నీ మరుసటి వారంలో స్కాన్ చేసిన మాట నిజమే. 1500 నుంచి 1560 మధ్య ఆ ముళ్లు కూడా ఉన్నాయి. పొడి గాలి పంపుతూ, క్రమం కలగలిపి అన్నింటినీ మళ్లీ స్కాన్ చేస్తున్నాను. మొక్కల సంఖ్యను కూడా పెంచుతాను.